మనవాళ్ళెవరూ లేని చోటికి

“అక్కడ మనవాళ్ళెవరున్నారు?”

2016 జూలైలో, ఆక్లాండ్ శివారు న్యూ లిన్‌లోని తమ ఇంటి వంటగదిలో, చేతిలో కాఫీ గ్లాసుతో జనార్ధనరావు భార్యని అడిగిన ప్రశ్న ఇది. టేబుల్ మీద ఓడ బొమ్మ ఉన్న బ్రోషర్ ఉంది. నార్వేలో బెర్గెన్ దగ్గర ఎక్కాలి. కొండల్ని చీల్చుకుని లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయల్లోంచి, వాటినే ఫ్యోర్డులంటారు, ఉత్తరానికి పోవాలి. లొఫోటెన్ దీవులు చూసి, ట్రోమ్సో దాటి, చివరికి స్వాల్‌బార్డ్ మంచు అంచున ఓడ వెనక్కి తిరుగుతుంది. జూన్ నెల ప్రయాణం. న్యూజిలాండ్‌లో చలికాలం, అక్కడ వేసవి. మంగాదేవి రెండు రోజులు ఆలోచించి, టేబుల్ తుడిచి మరీ దాన్ని అక్కడ పెట్టింది. ఆయన ఒక్క పేజీ తిప్పలేదు, ధరైనా అడగలేదు.

“చూద్దామనండీ,” అంది మంగాదేవి.

“ఏం చూద్దామని?”

“మంచు.”

“రోజూ ఫ్రీజర్లోనేగా నువ్వుండేది! అక్కడ జీతమిచ్చి మరీ చూపిస్తున్నారు. డబ్బులు పోసి మళ్ళీ చూడాలా?”

ఆయన చెడ్డవాడు కాదు. మన ప్రయాణాలకున్న నియమం ప్రకారం సరైన ప్రశ్నే అడిగాడు. మనకి సిడ్నీ అంటే బాబాయిగారబ్బాయి. సింగపూర్ అంటే తోడికోడలి చెల్లెలు. మనిషి ఉంటేనే అది ఊరు, లేకపోతే మ్యాపులో మచ్చ. దీన్ని అనుబంధాల సంస్కృతి అంటారు, తెలుగు అసోసియేషన్ సభల్లో చప్పట్లు కొడతారు. హోటల్ ఖర్చు మిగులుతుందన్న సంగతి మాత్రం ఏ వక్తా చెప్పడు.

మంగాదేవిది బాపట్ల. 2003లో, జనార్ధనరావుకి ఆక్లాండ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరికితే, ఏడేళ్ళ కూతురు అమృతని ఒక చేత్తో, సూట్‌కేస్ ఒక చేత్తో పట్టుకుని దిగింది. బీకాం చదివింది. ఇక్కడ ముందు పసిపిల్లల సెంటర్లో పనిచేసింది, తర్వాత సూపర్‌మార్కెట్లో చేరి ఫ్రోజెన్ సెక్షన్లో స్థిరపడింది. బఠాణీల సంచులు, చేప ముక్కల పెట్టెలు, ఐస్‌క్రీమ్ డబ్బాలు. పాత సరుకు ముందుకి, కొత్త సరుకు వెనక్కి. వెనక గదిలో ఊపిరి తెల్లగా కనిపిస్తుంది. బొంతలాంటి జాకెట్టు, చేతులకి గ్లోవ్స్. చలి ఆమెకి ఇష్టమూ కాదు, కష్టమూ కాదు. ఉద్యోగం.

మరి ఆ మంచు మీద మోజు ఎక్కడిది? చిన్నప్పుడు బాపట్ల ఎండల్లో ఐసుబండి వెనకాల పరిగెత్తిందనో, వాళ్ళ నాన్న ప్రపంచ పటం చూపించాడనో చెబితే బాగుండేది. అలాంటిదేమీ లేదు. కోరికకి ఒక గతం అతికించకపోతే మనకి తోచదు. ఆమెకి జరిగింది ఇంతే: వానలో మాల్‌లోకి దూరింది, ట్రావెల్ ఏజెంట్ అద్దంలో ఒక ఫోటో చూసింది. బూడిదరంగు నీళ్ళు. నీళ్ళ మీదికి వాలిన నల్లటి కొండ. కొండ కింద ఎర్రటి ఇల్లొకటి, ఒక్కటే. చుట్టూ దారి లేదు, దడి లేదు, బట్టలారేసిన తీగైనా లేదు. ఆ ఇంటి ముందు ఎవరో నిలబడి “రండి రండి, ఎప్పుడు బయల్దేరారు, ఏం తిన్నారు” అని అడిగే అవకాశం లేదని ఆమెకి చూడగానే అర్థమయింది. బ్రోషర్ అడిగి తీసుకుంది.

అప్పటినుంచి అది పట్టుకుంది. స్వాల్‌బార్డ్‌లో లాంగియర్‌బీన్ అనే ఊరి వాతావరణం ఫోన్లో పెట్టుకుంది. టీ బ్రేక్‌లో చూసుకునేది: ఈరోజు రెండు డిగ్రీలు, పొగమంచు. అక్కడ ఇప్పుడు సూర్యుడు అస్తమించడు. అదే సమయంలో న్యూ లిన్‌లో అయిదింటికే చీకటి, బట్టలు ఆరవు, గోడలకి బూజు. ఎప్పుడూ చూడని చోటు మీద బెంగ పెట్టుకోవడం ఎలా ఉంటుందంటే, పెళ్ళయిన కొత్తలో పుట్టింటి మీద పెట్టుకున్నట్టే ఉందట. కాకపోతే అప్పుడు ఏడిస్తే ఓదార్చేవాళ్ళు. ఇప్పుడు ఏడిస్తే నవ్వుతారు.

“మిల్ఫర్డ్ సౌండ్ ఉందిగా వదినా, మన న్యూజిలాండ్‌లోనే! అదీ ఫ్యోర్డేగా?” అంది కుసుమ ఒకసారి. కుసుమ గుంటూరు పిల్ల. చదువుకోడానికి వచ్చి, అకౌంటెంటై, రెండు వీధుల అవతల ఇల్లు కొనుక్కుంది. మంగాదేవి కంటే పదేళ్ళు చిన్న, మంగాదేవికున్న ఒకే ఒక్క స్నేహితురాలు.

మిల్ఫర్డ్ సౌండ్‌కి మంగాదేవి వెళ్ళింది. తెలుగువాళ్ళందరూ కలిసి బస్సు మాట్లాడుకున్నారు. క్వీన్స్‌టౌన్ నుంచి దారి పొడుగునా అంత్యాక్షరి, పులిహోర, ఎవరి పిల్లాడో వాంతి. పడవెక్కాక అందరూ కొండకి వీపు పెట్టి నిలబడి గ్రూప్ ఫోటోలు. జలపాతం దగ్గరికి పడవ వెళ్ళినప్పుడు మంగాదేవి పేపర్ ప్లేట్లు సర్దుతోంది. ఆ కొండ ఎలా ఉందని ఎవరైనా అడిగితే ఫోటో చూసి చెప్పాలి.

తక్కిన సెలవులన్నీ ఇండియావి. న్యూజిలాండ్ పాస్‌పోర్ట్ చేతికొచ్చి ఎన్నాళ్ళో అయింది, దాని మీద పడ్డ ముద్రలు మాత్రం హైదరాబాద్ ఎయిర్‌పోర్ట్‌వే. మరిది కూతురి పెళ్ళి, ఆడపడుచు గృహప్రవేశం, మళ్ళీ మరిది రెండో కూతురి పెళ్ళి. ఏటా నాలుగు వారాలు ఎవరో ఒకరి హాల్లో పరుపు మీద పడుకుని, ఎవరో ఒకరి వంటింట్లో ఉల్లిపాయలు తరిగి, చిక్కిపోయావనీ ఒళ్ళొచ్చిందనీ ఒకే రోజు వినిపించుకుని, వచ్చి మళ్ళీ జాకెట్టు తొడుక్కునేది. అలసట తీర్చుకోవడానికి ఉద్యోగానికి వెళ్ళడమన్నది ఆమెకి వింతగా అనిపించడం మానేసింది.

డనీడిన్‌లో చదువుకుంటున్న అమృత ఫోన్లో విసుక్కుంది. “జస్ట్ గో, అమ్మా. నాన్న పర్మిషన్ ఎందుకు?”

“పర్మిషన్ కాదే, చెప్పి వెళ్దామని.”

“యూ టోల్డ్ హిమ్. ఇప్పుడు నువ్వు వెయిట్ చేస్తున్నావ్. దట్స్ డిఫరెంట్.”

నవంబర్లో మంగాదేవి వెళ్ళి, తన జీతం డబ్బులతో అడ్వాన్సు కట్టింది. ఇద్దరి పేర్లూ రాయించింది. ఒక్కదాని పేరు రాయించాలని ఆమెకి తోచనైనా లేదు. ఇంటికొచ్చి చెబితే జనార్ధనరావు “నేనొస్తానన్లేదే” అన్నాడు. ఆ మాట అక్కడే ఆగిపోయింది.

జనవరిలో ఒక ఆదివారం కుసుమ ఇంట్లో భోజనాలు. పెరట్లో బార్బెక్యూ, లోపల గుత్తివంకాయ. ఓడకి అడ్వాన్సు కట్టిన సంగతి ఎలాగో బయటపడింది. గరిటెలు ఆగాయి.

“నిజంగానే నార్వేకా? అక్కడ ఎవరున్నారు వదినా?” అంది కుసుమ. మొగుడి నోట విన్న ప్రశ్నే. పదిమంది అదే ప్రశ్న మొహాన పెట్టుకుని చూస్తున్నారు.

మంగాదేవి నోట్లోంచి అదెలా వచ్చిందో ఆమెకే తెలీదు. “మా పెద్దమ్మ ఆడపడుచు మనవరాలుంది. ట్రోమ్సోలో. శ్రావ్య.”

“అదీ! అట్లా చెప్పు మరి!” అంది కుసుమ. ఊపిరాడని గదిలో కిటికీ తీసినట్టయింది అందరికీ. ఇంక ప్రశ్నలు ప్రేమగా వచ్చాయి. ఏం చేస్తుంది? చదువుతోంది. పెళ్ళయిందా? మా తమ్ముడున్నాడు మెల్‌బోర్న్‌లో, మంచి ఉద్యోగం. మంగాదేవి గతుక్కుమని “అయింది అయింది” అంది. అబ్బాయి మనవాళ్ళేనా? “చేపల కంపెనీలో ఇంజనీర్,” అని వంకాయ ఇంకోటి వేసుకుంది. అది జవాబు కాదని ఎవరూ పట్టించుకోలేదు.

జనార్ధనరావు సొంత బంధువుల్నే ఫోటోల్లో గుర్తుపట్టలేని మనిషి. భార్య పెద్దమ్మ ఆడపడుచు సంతతి గురించి ఆయనకేం తెలుస్తుంది? కారెక్కాక, “ముందే చెప్పొచ్చుగా?” అన్నాడు. గొంతులో నిష్ఠూరం ఉంది. “ఎవరూ లేరనుకునే వద్దన్నాను. మనపిల్ల ఉన్నాక వెళ్ళకపోతే బాగుంటుందా?”

వస్తానన్నాడు! మంగాదేవికి సంతోషమూ సిగ్గూ కలిసి చెవుల్లోంచి ఆవిరొచ్చింది. అబద్ధమే కావచ్చు, ఓడ అయితే కదిలింది.

వారం తిరక్కుండా కుసుమ ఆవకాయ సీసా తెచ్చింది. నాలుగు కవర్లు చుట్టి, దాని మీద టేపు వేసి, “పాపం ఆ పిల్ల ఎన్నాళ్ళయిందో తిని. కస్టమ్స్‌వాళ్ళకి వాసన రాకుండా కట్టాను,” అంది. ఇంకొకావిడ కందిపొడి పంపింది. లేని పిల్లకి మంగాదేవి ఫ్రిజ్‌లో ఒక అర ఖాళీ చేసి పెట్టాల్సి వచ్చింది.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం జనార్ధనరావు హుషారుగా వచ్చాడు. “ఆలోచించాను మంగా. ఓడ దండగ. శ్రావ్య వాళ్ళింట్లో రెండు వారాలుందాం. ఆ కొండలేవో అల్లుడే కార్లో చూపిస్తాడు. అడ్వాన్సులో కొంత పోయినా పరవాలేదు. శనివారం వెళ్ళి క్యాన్సిల్ చేద్దాం.”

మంగాదేవి పప్పు గిన్నె దింపింది. తను పుట్టించిన మనిషే తన ఓడ ఎక్కి కూర్చుంది. నార్వేలో కూడా ఒక హాలు, ఒక పరుపు, తరగాల్సిన ఉల్లిపాయలు!

శనివారం దాకా చెప్పలేకపోయింది. మాల్‌లో ఏజెంట్ బల్ల ముందు ఇద్దరూ కూర్చున్నారు. అటువైపు నడివయసు కివీ ఆవిడ, మెడలో కళ్ళద్దాల గొలుసు, కంప్యూటర్లో వాళ్ళ బుకింగ్ తెరిచి, రద్దు చేసేయమంటారా అని ఇంగ్లీషులో మర్యాదగా అడిగింది.

“ఆగమనండి,” అంది మంగాదేవి.

“ఎందుకు?”

“అక్కడ ఎవరూ లేరండీ.”

“ఎక్కడ?”

“ట్రోమ్సోలో.”

జనార్ధనరావు అటూ ఇటూ చూశాడు. “ఊరెళ్ళారా?”

“పుట్టనేలేదు. మా పెద్దమ్మకి ఆడపడుచులు లేరు.”

“శ్రావ్య?”

“లేదు.”

“చేపల ఇంజనీరు?”

“వాడూ లేడు.”

“మరి ఆవకాయ?”

“మన ఫ్రిజ్‌లోనే ఉంది.”

ఏజెంట్ ఆవిడ ఒకరి తర్వాత ఒకరిని చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలెట్టింది.

“ఎవరూ లేని చోటికి ఎందుకే వెళ్ళడం?” అన్నాడాయన. ఈసారి వెటకారం లేదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. ముప్ఫయ్యేళ్ళ కాపురంలో ఆయన అలా అడిగిన సందర్భాలు తక్కువ.

“ఎవరూ లేరనే,” అంది మంగాదేవి. “నాకు మీరన్నా, వాళ్ళన్నా విసుగు కాదు. అందరి ఇళ్ళూ చూశాను. నన్ను లోపలికి పిలిచే ఇల్లు లేని చోటు ఒక్కటి చూస్తాను. రెయిలింగ్ పట్టుకుని నిలబడతాను. ఎవరూ తిన్నావా అని అడగరు. నేనూ ఎవరికీ వడ్డించక్కర్లేదు. ఆ నీళ్ళ మీద ఓడ నెమ్మదిగా పోతుంటే కొండ ఇటునుంచి అటు దాకా, మొత్తం, చూస్తాను. అంతే.”

ఆయన బల్ల మీదున్న కివీ పక్షి బొమ్మని తనవైపు తిప్పుకున్నాడు. కోప్పడాలనుకున్నాడు గానీ, పరాయి మనిషి ముందు కోపం తెలుగులోనైనా తెలిసిపోతుంది.

“నేనక్కడ ఏం చేస్తాను మంగా? నాకు మాట్లాడ్డానికి ఎవరో ఒకరుండాలి. కొండల్ని చూస్తూ నేను కూర్చోలేను.”

“తెలుసండీ.”

“ఒక్కదానివే వెళ్తావా?”

ఆమె తలూపింది. ఆయన రానందుకు మనసులో ఎక్కడో కలుక్కుమంది. ఎర్రటి ఇల్లున్న ఆ నీళ్ళ పక్కన నిలబడ్డప్పుడు, “చూశారా” అనడానికి పక్కన ఈయన ఉంటే బాగుండుననిపిస్తుందని ఆమెకి ముందే తెలుసు. ఉంటే చూడనివ్వడనీ తెలుసు. రెండూ నిజమే. ఇలాంటివి కూర్చుని మాట్లాడుకుంటే తేలిపోతాయని చెప్పేవాళ్ళు కాపురం చేసినట్టు కనపడదు.

“జనం అడిగితే ఏం చెప్పను?” అన్నాడు జనార్ధనరావు చివరికి.

“మా ఆవిడకి పిచ్చెక్కిందని చెప్పండి. నమ్ముతారు.”

ఆయనకి నవ్వొచ్చింది. ఆపుకోబోయి ఆపుకోలేకపోయాడు.

కుసుమ దగ్గరికి మంగాదేవి ఆ సాయంత్రమే వెళ్ళి చెప్పింది. కుసుమ ముందు తెల్లబోయింది, తర్వాత మొహం ముడుచుకుంది. “నాతో కూడానా వదినా?” అంది. మంగాదేవి తనే లేచి టీ పెట్టింది. ఇద్దరూ టీ తాగారు. గుమ్మం దాకా వచ్చాక కుసుమ, “ఆ సీసా నువ్వే పట్టుకుపో. ఆ ఓడలో ఏం పెడతారో ఏమో,” అని తలుపేసుకుంది. గట్టిగానే వేసుకుంది.

ఓడ బెర్గెన్‌లో బయల్దేరేది 2017 జూన్ మూడో వారంలో. మంగాదేవి సెలవుకి రాసింది, మంజూరైంది. ఫ్రీజర్ గదిలో పెట్టెలు సర్దుతూ ఇప్పుడు అప్పుడప్పుడూ ఆగి, ఏమీ లేని తెల్లటి గోడకేసి చూస్తోంది. జాకెట్టు కొత్తది కొనక్కర్లేదని ఆమె నమ్మకం. కాదు కొనమని అమృత రోజూ మెసేజ్ పెడుతోంది.

ఏజెంట్ ఆవిడ ఆ శనివారమే జనార్ధనరావు పేరు తీసేసింది. ఆయన టికెట్ తాలూకు అడ్వాన్సు ఆమె టికెట్‌లో కలిసింది. అయితే ఇద్దరుండాల్సిన క్యాబిన్‌లో ఒక్కరే ఉంటే ఓడ కంపెనీ అదనంగా వసూలు చేస్తుంది. ఆ రెండు వేల మూడు వందల డాలర్లు మార్చి నెలాఖరుకల్లా కట్టాలి. మంగాదేవి ఇంకా కట్టలేదు, వచ్చే జీతం కోసం చూస్తోంది.