ఖుద్సియా నీకేమవుతుంది?

ఆసిఫాబాద్ తహసీలు కచేరి ముందు కూర్చుని ముప్పై ఏళ్లు అర్జీలు రాశాను. ఎన్ని అబద్ధాలు రాసిచ్చానో నాకే గుర్తు లేదు. ఒక్కటి మాత్రం మరుపుకు రాదు.

ఫజలుద్దీన్ బజారులో రేడియోలు బాగుచేసేవాడు. 1972లో కేంద్ర ప్రభుత్వపు వైర్‌లెస్ స్టేషన్‌లో ఉద్యోగానికి ఎంపికయ్యాడు. తండ్రి లేని ఇల్లు. తల్లి సుగ్రా బేగం వీధంతా ఖీర్ పంచింది. చేరేముందు పోలీసు విచారణకు ఒక ఫారం నింపాలి. విదేశాల్లో బంధువులెవరైనా ఉన్నారా అన్న గడిలో ఈ పిచ్చివాడు ఎవరినీ అడగకుండా ‘ఖుద్సియా, చెల్లెలు, కరాచీ’ అని రాసేశాడు.

ఖుద్సియా అతని తోడబుట్టింది కాదు, పక్కింటి పిల్ల. పురిట్లోనే తల్లి పోతే సుగ్రా బేగం తన కొడుకుతో పాటు ఆ పిల్లకూ పాలిచ్చి పెంచింది. వాళ్లలో ఒకే తల్లి పాలు తాగితే సొంత అన్నాచెల్లెళ్ల కిందే లెక్క. అందుకే అతనికి వేరే రాయాలని తోచలేదు. ఆమె పెళ్లయి కరాచీ వెళ్లింది. అప్పటికి పాకిస్తాన్‌తో యుద్ధం ముగిసి ఏడాదైనా కాలేదు. ఇక ఆ ఫైలు కదులుతుందా?

ఎనిమిది నెలలు తిరిగి తిరిగి అతని చెప్పులు అరిగాయి. చివరికి హెడ్‌కానిస్టేబుల్ నాగయ్య జాలిపడి ఉపాయం చెప్పాడు. రక్తసంబంధం లేదు కాబట్టి, ఆమె ఏమీ కాదని ఒక కాగితం రాసిస్తే చాలన్నాడు. ఆ కాగితం నేనే రాశాను. ‘ఖుద్సియా అనే ఆమెతో నాకు ఎలాంటి బంధుత్వమూ లేదు, ఉత్తరప్రత్యుత్తరాలు లేవు.’ అక్షరాలు గుండ్రంగా కుదిరాయని మురిసిపోయాను కూడా, బుద్ధిలేనివాణ్ని.

ఫజలుద్దీన్ సంతకం చేశాక, "అమ్మీకి చెప్పకుండ్రి, దామోదర్‌రావు సాబ్" అన్నాడు.

ఉద్యోగం వచ్చింది. కొన్నేళ్లకోసారి మళ్లీ అదే ఫారం, అదే గడి. ‘ఎవరూ లేరు’ అని రాసేవాడు. కరాచీ నుంచి ఉత్తరాలు వస్తూనే ఉండేవి. జవాబు రావడం లేదన్న మాటలు దాటేసి, చదువురాని తల్లికి చదివి వినిపించేవాడు. ఆమె చెప్పిన జవాబు పొల్లుపోకుండా రాసుకుని, పోస్టు చేశానని చెప్పి, పెట్టెలో దాచేవాడు. ఆ పెట్టె నిండిందని ఒకసారి నాతో అన్నాడు.

1988లో సుగ్రా బేగానికి పక్షవాతం వచ్చింది. ఖుద్సియాను ఒక్కసారి చూపించమని ఒకటే పోరు. ఎవరి ద్వారానో కబురు తెలిసి ఖుద్సియా తన అన్నగా ఫజలుద్దీన్ పేరు రాసి వీసాకు పెట్టుకుంది. విచారణ ఆసిఫాబాద్‌కే వచ్చింది. కొత్త అధికారి పాత కాగితం తీసి ఫజలు ముందు పెట్టి, ఏది నిజమని అడిగాడు. చెల్లెలంటే పాతది అబద్ధమవుతుంది, ఉద్యోగం పోతుంది. ఇంట్లో ఆరుగురు అతని మీదే బతుకుతున్నారు. సలహా కోసం నా దగ్గరికి వచ్చాడు. నేను నోరు విప్పలేదు. ఆ కాగితం మీది దస్తూరి నాదని నాకూ భయమే. మర్నాడు వెళ్లి, ఆమె తనకు ఏమీ కాదని మళ్లీ సంతకం పెట్టి వచ్చాడు.

రెండు నెలలకు ఖుద్సియా ఉత్తరం వచ్చింది. సుగ్రా బేగాన్ని చూడ్డానికి వెళ్లిన నేను ఆ మంచం పక్కనే ఉన్నాను. ఫజలు ఎప్పటిలాగే పైకి చదువుతున్నాడు. వీసా రాలేదట. ‘అక్కడెవరో పొరపాటున నేను నీకేమీ కానని రాశారట అన్నా. అమ్మీకి చెప్పకు, తట్టుకోలేదు.’

చదవడం ఆపి ఉత్తరం మడిచాడు.

"పొరపాటు గాదు అమ్మీ. నేనే రాసిన. రెండుసార్లు."

ఆమె వంకరపోయిన నోటితో ఒక్కో మాటా కూడదీసుకుంది.

"అది నీకేం గాకపోతే, నేను నీకేమైత బేటా?"

ఆ చలికాలమే ఆమె పోయింది. ఆ సంగతి ఫజలు తన చేత్తోనే కరాచీకి రాశాడు. నన్ను వెంట తీసుకెళ్లి, పోస్టు డబ్బాలో వేశాడు. పదిహేనేళ్లలో అతను చెల్లెలికి వేసిన మొదటి ఉత్తరం అదే.