పాట ఆగితే ఆపు

లిఫ్టుల కంపెనీలో వాళ్లిద్దరికీ పేర్లున్నాయన్న సంగతి జీతాల గుమాస్తాకి తప్ప ఇంకెవరికీ గుర్తులేదు. ఒకరు బావ, ఒకరు బావమరిది. లిఫ్టు చెడిపోయిందని ఫోన్ చేసే బిల్డింగుల వాళ్లు కూడా "ఆ పాట పాడే బావని పంపండి" అని అడిగేవారు. అది విన్నప్పుడల్లా బావమరిదికి ఒళ్లు మండేది. పనికి పిలుస్తున్నారా, కచేరీకి పిలుస్తున్నారా?

అయినా ఆ పాటని పట్టుకుని ఒక్క మాట అనడానికి అతనికి నోరు రాదు. అదే లేకపోతే అక్క సంసారం ఏమయ్యేదో అతనికి బాగా తెలుసు.

వాళ్లతో పాటే పనిచేసిన పొట్టి మేస్త్రీ ఒక లిఫ్టు గుంటలో నలిగిపోయాడు. గుంటంటే లిఫ్టు దారికి అట్టడుగున, నేలకన్నా కిందికుండే ఇరుకు గొయ్యి. అతన్ని బయటికి తీసింది బావే. ఆ తర్వాత బావ మనిషి మనిషిగా లేడు. గుంట దగ్గరికి వెళ్తే చాలు, చెమటలు పట్టేసి మెట్ల మీద కూలబడేవాడు. ఇంట్లో గోడవైపు తిరిగి పడుకునేవాడు. కంచం ముందు కూర్చునేవాడు గానీ చెయ్యి పెట్టేవాడు కాదు. "ఈ మనిషి నాకు దక్కుతాడంటావా తమ్ముడూ?" అని అక్క వెక్కివెక్కి ఏడ్చేది.

సమాధానం మేనకోడలి దగ్గర దొరికింది. ఆ పిల్లకి ఒక బ్యాండంటే పిచ్చి. కార్ల షెడ్డులో పనిచేస్తూ, ఖాళీ డబ్బాలు వాయించుకుంటూ, పదిచోట్ల గెంటేయించుకుని పైకొచ్చిన నలుగురు కుర్రాళ్లు. గోడవైపు పడుకున్న తండ్రి చెవిలో వాళ్ల పాట పెట్టేసి పారిపోయింది. పల్లవి రెండే ముక్కలు: "ఇంకొక్క అడుగు వేసి చూడు, చీకటికే నువ్వంటే భయం." బావ మొదట విసుక్కున్నాడు. తర్వాత, "ఏదీ, ఇంకోసారి పెట్టు" అన్నాడు. కొన్నాళ్లకి ఒక గుంట అంచున నిలబడి, పల్లవి మొదటి ముక్క పాడి నిచ్చెన మీద ఒక కాలు పెట్టాడు. రెండో ముక్కకి రెండో కాలు. అలా పాడుకుంటూ అడుక్కి దిగిపోయాడు. పైన నిలబడి చూస్తున్న బావమరిదికి కళ్లలో నీళ్లు తిరిగాయి. దుమ్ము పడిందని చెప్పుకున్నాడనుకోండి.

ఆ రోజు నుంచే వాళ్లకో పద్ధతి ఏర్పడింది. బావ కింద గుంటలో ఉండి, దిగుతున్న లిఫ్టు అడుగుభాగం పరీక్షిస్తాడు. బావమరిది అన్నిటికన్నా పై అంతస్తులో, మోటారు గదిలో ఉంటాడు. అక్కడున్న బటన్ నొక్కి పట్టుకుంటే లిఫ్టు మెల్లగా దిగుతుంది, వదిలేస్తే ఆగుతుంది.

"నా పాట వినిపిస్తున్నంతసేపూ నడుపు. పాట ఆగితే ఆపు. అంతేరా!" అన్నాడు బావ.

పాడటంలో బావకి రెండు జబ్బులున్నాయి. పల్లవి దగ్గర బ్యాండు కన్నా ఒక క్షణం ముందే దూకేస్తాడు. 'భయం' అన్నచోట గొంతు చీలిపోతుంది.

"అక్కడ మేక అరిచినట్టుంటుంది బావా."

"మేకైతేనేం రా, ధైర్యంగా అరుస్తోందిగా!"

నిజమే, బావకి ధైర్యం వచ్చింది. కంపెనీలో ఎవరి మొహం వేలాడినా పిలిచి, ఆ పాట వినిపించి, వీపు తట్టి పంపేవాడు. కానీ ఆ ధైర్యం రానురాను భయపడాల్సిన చోట కూడా భయపడనంతగా పెరిగింది. బావని వదిలిన భయం ఎక్కడికీ పోలేదు, వచ్చి బావమరిదిని పట్టుకుంది. ఆ బటన్ మీద వేలు పెట్టిన ప్రతిసారీ బావ గొంతు కోసం చెవులు రిక్కించేవాడు.

ఒక పాత ఆఫీసు బిల్డింగుకి వెళ్లిన రోజు పొద్దుటినుంచీ వాన. అక్కడి లిఫ్టు మహా మొండిది. 'పైకి' బటన్ నొక్కితే, ముందు కుదుపుతో జానెడు కిందికి జారి, ఆ తర్వాతే పైకి లేస్తుంది. జనం అందులో ఎక్కడమే మానేశారు. "దాని చూపు మంచిది కాదండీ, ఎవరో ఒకరిని మింగుతుంది" అన్నాడు వాచ్‌మన్. గుంటలో ఊరిన నీళ్లు నల్లగా మెరుస్తున్నాయి.

దానికి తోడు బావకి జలుబు చేసి గొంతు పోయింది. పొద్దున్నే అక్క ఫోన్ చేసింది. "ఇవాళ ఆయన్ని దిగనివ్వకురా తమ్ముడూ. పాడలేడు."

"నేనున్నాగా అక్కా. నువ్వు ఊరికే కంగారుపడకు" అన్నాడు బావమరిది. అనడమైతే అన్నాడు.

"గొంతు లేకపోతే ఏం, అసలైన వాళ్లే ఉన్నారుగా!" అని బావ బొంగురుగా నవ్వుతూ ఫోన్ చూపించాడు. "పాట పెట్టి జేబులో వేసుకుంటా. ఏదైనా తేడా వస్తే ఆపేస్తా."

"నువ్వు పాడటం వేరు బావా."

"నోరు ముయ్యరా! దిగేముందు అపశకునం మాటలేంటి?" అని కసిరి, పాట పెట్టుకుని, పల్లవికి పీలగా గొంతు కలుపుతూ నిచ్చెన దిగాడు. ఆ గొంతుతో కూడా 'భయం' దగ్గర మేక అరిచింది. బావమరిది నవ్వుకుంటూ మెట్లెక్కాడు.

మోటారు గదిలో బటన్ నొక్కాడు. తాళ్లు కదిలాయి. లిఫ్టు దిగుతోంది. నేలలోని కంతల గుండా, అంత లోతునుంచి పాట సన్నగా పైకొస్తోంది. చరణం అయిపోయింది. పల్లవి వచ్చింది.

పల్లవి చాలా శుభ్రంగా వచ్చింది. ఎవరూ ముందుకు దూకలేదు. 'భయం' దగ్గర ఏ గొంతూ చీలలేదు.

బావమరిది బటన్ వదిలేశాడు. "బావా!"

పాట సాగుతూనే ఉంది.

"బావా! పలుకు బావా!"

ఇంకొక్క అడుగు వేసి చూడమంటోంది పాట, హుషారుగా. ఆ పాటని పట్టుకుని నేలకేసి కొట్టాలనిపించింది అతనికి.

అరుపులకి పరిగెత్తి, కింది తలుపు తెరిచి చూసిన వాచ్‌మన్ గొంతు పెద్దగా లేచింది. "జారి వెల్లకిలా పడ్డాడండీ! లిఫ్టు ఆయన ఛాతీ మీదుంది! కాలు ఇనుప చట్రంలో ఇరుక్కుపోయింది! కదలట్లేదు!"

బావమరిది చెయ్యి 'పైకి' బటన్ మీదికి వెళ్లింది. వెళ్లి, తగలబోతూ ఆగింది. జానెడు. పైకి లేచేముందు ఇది జానెడు జారుతుంది. ఇప్పుడు ఆ జానెడూ బావ ఛాతీయే.

దేవుడా! కరెంటు కట్టేశాడు. ఇక మిగిలింది చేత్తో తిప్పే చక్రం. ఇద్దరు చెయ్యాల్సిన పని అది, ఒకరు బ్రేకు పిడి పట్టుకుంటే ఒకరు తిప్పాలి. పిడిని మోకాలితో నొక్కిపట్టి, రెండు చేతులా చక్రం అందుకున్నాడు. పైకని రాసున్న బాణం వైపు బలమంతా పెట్టి తిప్పాడు. కిర్రుమంది. కొంచెం కదిలింది.

సరిగ్గా అప్పుడే కింద పాట ఆగిపోయింది. ఫోన్ జారి నీళ్లలో పడిందో ఏమో.

పాట ఆగితే ఆపాలి. ఇన్నేళ్లుగా అతని చేతులకి ఆ ఒక్కటే అలవాటు. అవి వాటంతటవే ఆగిపోబోయాయి. ఆపితే అక్కకి ఏం చెప్పాలి? పళ్లు బిగబట్టి తిప్పాడు. ఆ నిశ్శబ్దం భరించలేక నోరు తెరిచాడు. పుట్టి బుద్ధెరిగి ఏనాడూ పాడనివాడు, ఏడుస్తూ, గది దద్దరిల్లేలా పాడాడు.

"ఇంకొక్క అడుగు వేసి చూడు..."

కిందినుంచి ఏమీ రాలేదు. చక్రం తిప్పాడు.

"ఇంకొక్క అడుగు వేసి చూడు!"

వాన చప్పుడు. చక్రం. అరచేతులు చీరుకుపోయి చక్రం నెత్తుటితో తడిసింది. "బావా, నీకు పుణ్యముంటుంది, మిగతాది నాకు రాదు, నువ్వే పాడాలి!" అని అరిచి మళ్లీ అందుకున్నాడు.

"ఇంకొక్క అడుగు..."

అప్పుడు అడుగునుంచి, ఊపిరికీ దగ్గుకీ మధ్య, వచ్చింది. "...నువ్వంటే భ... యం."

మేక అరిచింది.

బావమరిది చక్రం వదల్లేదు, మోకాలు తీయలేదు. "పైకొచ్చేసిందండీ, కాలు వదిలింది, లాగేస్తున్నా!" అని వాచ్‌మన్ కేకలు పెట్టేదాకా తిప్పుతూనే ఉన్నాడు.

రెండు పక్కటెముకలు విరిగిన బావని ఆసుపత్రిలో పడుకోబెట్టారు. అక్క పరిగెత్తుకుంటూ వచ్చేసరికి బావమరిది మంచం పక్కన స్టూలు మీదున్నాడు. చేతులకి కట్లు.

"ఇక చాలు ఆపరా, ఆయన్ని పడుకోనీ" అంది అక్క.

అతను తల అడ్డంగా ఊపి, గొణుగుతున్నట్టు ఆ పల్లవే పాడుతూ, బావ ఛాతీ మీది దుప్పటి లేచి పడటమే చూస్తూ కూర్చున్నాడు. ఆపడానికి అతనికి భయం.