రెబ్కమ్మ పిల్లికి విడి గిన్నె

రెబ్కమ్మ ఎవరినీ ఓ పట్టాన నమ్మే మనిషి కాదు. పత్తి కొనే వ్యాపారి కాటా దించగానే ముందు తనే ఎక్కి నిలబడేది. తన బరువు తనకు తెలుసు. కాటా ఆ అంకె చూపిస్తేనే పత్తి నింపిన గోనె బోరెం ఎక్కనిచ్చేది. విత్తనాల కొట్టతను ‘ఈ రకానికి పురుగు పట్టదమ్మా’ అంటే, ‘ఆ సంగతి పురుగుకి చెప్పావా?’ అనేది. చర్చిలో కానుకల సంచి తిరుగుతుంటే ఆమె చూపు కూడా సంచి వెంటే వరసలన్నీ తిరిగి బల్ల దాకా వెళ్ళొస్తుందని పాలెంలో నవ్వుకునేవాళ్ళు.

అలా ఉండబట్టే నెగ్గుకొచ్చింది. ప్రత్తిపాడు దగ్గరి ఆ ఊళ్ళో, మొగుడు ఆదాం పోయాక, కౌలుకు తీసుకున్న ఎకరం పత్తిచేను చూసుకుంటూ, సీజన్లో మిరప కోతలకీ, ఎండాకాలం కోల్డ్ స్టోరేజీలో కాయల తొడిమలు తీయడానికీ పోతూ కొడుకును డిగ్రీ దాకా చదివించింది. ఆ కొడుకు ప్రసన్నకుమార్ ఇప్పుడు గుంటూరు బ్రాడీపేటలో ఒక రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియను. అనుమానం అతనికి తల్లి నుంచే వచ్చింది. చదువు దానికి పదును పెట్టింది. రోజంతా ఎవరెవరి రక్తంలోనో ఏమేం ఉన్నాయో చూసి వచ్చేవాడికి ఇంట్లో ఏ వస్తువూ శుభ్రంగా కనపడదు. పైగా కూతురు షారోను పాకుతోంది. నేల మీద ఏది దొరికితే అది నోట్లో పెట్టుకుంటోంది.

ఇంట్లో రెండు పిల్లులు. మంచి ధర వచ్చేదాకా పత్తిని ముందుగదిలోనే పోసి ఉంచుతారు గనక అందులో ఎలుకలు కాపురం పెడతాయి. పిల్లి లేకపోతే కుదరదు. బూడిదరంగుది తల్లి, దాని పేరూ బూడిదే. గడ్డం కింద మాత్రం తెలుపు. దాని కొడుకు ఎర్రోడు. బూడిద ఆ పత్తికుప్పలోనే పుట్టింది. రెబ్కమ్మ చేలోకి పోతే గట్టు దాకా పోయేది, కళ్ళంలో మిరపకాయలు ఎండబోస్తే ఘాటుకు తుమ్ముతూనే ఆమె పక్కన కూర్చునేది. ‘ఈ కొంపలో అబద్ధం ఆడనిది ఇదొక్కటే’ అనేది రెబ్కమ్మ.

ఆ బూడిద ఉన్నట్టుండి చిక్కిపోసాగింది. అన్నం పెడితే వాసన చూసి పక్కకు పోయేది. రెబ్కమ్మ మొదట చేలో కొట్టిన పురుగుమందును అనుమానించింది, తర్వాత పక్కింటి జక్రయ్యను. కోళ్ళు పెంచే జక్రయ్యకు పిల్లులంటే పడదు. గోడ మీద నుంచి అడిగేసింది కూడా.

“ఏరా జక్రయ్యా, ఏం పెట్టావురా నా పిల్లికి?”

“కోడిపిల్లల్ని పెట్టానక్కా. నేను పెట్టకుండానే తిన్నది.”

ప్రసన్న పిల్లి నోరు తెరిచి చూశాడు. చిగుళ్ళు పాలిపోయి కాగితంలా ఉన్నాయి. అలాంటి తెలుపు అతను మనుషుల్లో చూశాడు. మర్నాడే దాన్ని మూత ఉన్న బుట్టలో పెట్టి, స్కూటరు మీద గుంటూరు తీసుకెళ్ళి పశువుల డాక్టరు అబ్దుల్ ఖాదర్ గారికి చూపించాడు. ఆయన రక్తపు చుక్క తీసి పరీక్షపట్టీ మీద వేశాడు. కాసేపటికి రెండో గీత కూడా వచ్చింది.

“ల్యుకేమియా వైరస్. పిల్లులకొచ్చేది,” అన్నాడు డాక్టరు. “రక్తాన్ని పాడు చేస్తుంది, ఇంకే రోగమొచ్చినా తట్టుకోలేకుండా చేస్తుంది. మందుతో పూర్తిగా పోయేది కాదు. బాగా చూసుకుంటే కొన్నాళ్ళు, ఒక్కోసారి కొన్నేళ్ళు కూడా బతుకుతుంది. ఎంగిలితో ఇంకో పిల్లికి అంటుకుంటుంది. అందుకని ఇంట్లోనే విడిగా ఉంచు. గిన్నె వేరుగా పెట్టు. పచ్చిమాంసం వద్దు.”

“ఇంట్లో చిన్నపిల్ల ఉందండి.”

“మనుషులకి రాదు.”

“రాదని తేలిందా అండీ, లేకపోతే వచ్చినట్టు ఇంతవరకూ తేలలేదా?”

డాక్టరు కళ్ళజోడు తీసి అతనివైపు చూశాడు. “ఏం చదివావు బాబూ?”

“బీఎస్సీ మైక్రోబయాలజీ అండి.”

“అదీ సంగతి,” అన్నాడాయన, చేతులు కడుక్కోవడానికి లేస్తూ.

ఎర్రోడికి కూడా పరీక్ష చేయిస్తే ఏమీ లేదని వచ్చింది. ప్రసన్న వెనకగదిలో ఉన్న మందుకొట్టే పంపూ పాత టార్పాలిన్ పట్టాలూ బయట పడేసి, నేల ఫినాయిలుతో కడిగి, బూడిదను అందులో పెట్టాడు. ఒక నీలం ప్లాస్టిక్ గిన్నె తెచ్చి తల్లి చేతికిచ్చాడు.

“విడి గిన్నెనా?” అంది రెబ్కమ్మ.

“ఆఁ. దానిది దానికే. వేరే గిన్నెల్లో కలపొద్దు. తోమేది కూడా విడిగానే.”

“ఊఁ,” అంది ఆమె.

ఆ ‘ఊఁ’ ప్రసన్నకు నచ్చలేదు. పత్తి వ్యాపారి ధర చెప్పినప్పుడు కూడా ఆమె అలాగే అంటుంది.

అప్పట్నించీ అతని కన్ను నీలం గిన్నె మీదే. ఎప్పుడు చూసినా అది కడిగినట్టే ఉంటుంది. అంచున ఒక మెతుకు ఉండదు, చుట్టూ ఒక చీమ ఉండదు. బూడిద మాత్రం నెమ్మదిగా తేరుకుంటోంది. ఎలా?

“అమ్మా, పిల్లి తిన్నదా?”

“తిన్నది.”

“నీలం గిన్నెలోనేనా?”

“తిన్నదన్నాగా.”

అడిగినదానికి కాక దాని పక్కదానికి వచ్చే జవాబును అతను ల్యాబులో రోజూ వింటాడు. పరగడుపున వచ్చారా అంటే, ఇంట్లో ఏం తినలేదండీ అంటారు. వీధి చివర ఇడ్లీ తినే వచ్చుంటారు.

“అత్తయ్యని దొంగను చూసినట్టు చూస్తారేంటి మీరు?” అంది భార్య హెలెన్.

“నేను చూసేది గిన్నెనే.”

“గిన్నెను కూడా అట్టాగే చూస్తున్నారు.”

ఒకరోజు డ్యూటీకి వెళ్ళేముందు, నీలం గిన్నెలో తనే అన్నమూ ఉడికిన గుడ్డూ కలిపి, దండిగా పసుపు వేసి వెళ్ళాడు. అందులో తింటే బూడిద గడ్డం పచ్చబడి తీరాలి. సాయంత్రం వచ్చి పిల్లి తల ఎత్తి చూశాడు. గడ్డం విచ్చిన పత్తికాయలా తెల్లగా ఉంది. గిన్నె ఖాళీ. జక్రయ్య కోడిపెట్ట గోడ దగ్గర తిరుగుతోంది, దాని ముక్కు పచ్చగా ఉంది. కోడిముక్కు ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది గనక దాన్ని సాక్ష్యం కింద తీసుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం సెలవు పెట్టి, స్కూటరు వీధి మొదట్లోనే ఆపేసి, నడిచి వచ్చాడు. వెనకగది తలుపు ఓరగా వేసి ఉంది. బయట ఎర్రోడు తలుపు గీరుతూ ఏడుస్తున్నాడు. లోపల రెబ్కమ్మ పీట మీద కూర్చుని అన్నం తింటోంది. ఒడి ముందు ఆమె పెద్ద స్టీలు కంచం. ఇటువైపు పప్పన్నం, అటువైపు ఉత్త అన్నం, గుడ్డు. అటువైపు నుంచి బూడిద తింటోంది. అది ఆగినప్పుడల్లా ఆమె వేలితో అన్నం దాని ముందుకు నెడుతోంది.

“అమ్మా,” అన్నాడు ప్రసన్న.

ఆమె తలెత్తలేదు. “వచ్చావా? నిన్న పసుపు దెబ్బకి ఒక గుడ్డు కోళ్ళపాలైంది.”

“షారోనుకి ముద్దలు పెట్టేది కూడా ఈ కంచంలోనేగా?”

“కడిగి పెడతా.”

“ఎవరు చూశారు?”

రెబ్కమ్మ చెయ్యి ఆగింది. “నిన్ను పెంచేటప్పుడు ఎవరు చూశారు? రోజంతా మిరపకాయలు ఒలిచిన చేతులతో నీకు ముద్దలు పెట్టాను. ఎప్పుడన్నా నోరు మండిందా నీకు?”

“మండితే తెలుస్తుంది. ఇది తెలియదు. దానికి ఒంట్లో శక్తి లేదమ్మా, ల్యుకేమియా ఒక్కటే కాదు, ఇంకా ఏమేం మోస్తోందో ఎవరికి తెలుసు? ఊరికే ఒక గిన్నె. విడిగా పెడితే ఏం పోయింది?”

ఆమె కంచంలో మిగిలిన అన్నం వేలితో ఒకచోటికి చేర్చింది. బూడిద మూతి తుడుచుకోవడం మొదలుపెట్టింది.

“మా నాయన టీ తాగే గ్లాసు హోటలు బయట చూర్లో ఉండేది,” అంది రెబ్కమ్మ. “తాగి, కడిగి, మళ్ళీ చూర్లో పెట్టి రావాల. అది మా నాయన సొంత గ్లాసనుకున్నా నేను. హోటల్లో మా నాయనకి సొంత గ్లాసుందని బళ్ళో గొప్పలు చెప్పా. బడంతా నవ్వింది. ఎందుకు నవ్వారో నాకు ఎవరూ చెప్పలా. ఇంటికొచ్చి మా నాయన్నే అడిగా.”

ఆమె కంచాన్ని ఒడి దగ్గరికి లాక్కుంది.

“రోగమన్నావు, గదిలో పెట్టా. అంటుకుంటదన్నావు, దాని కొడుకుని దగ్గరికి రానివ్వట్లా. గిన్నె మాత్రం వేరు చెయ్యను. నా ఇంట్లో ఎవ్వరికీ చెయ్యను.”

అతను తలుపు దగ్గరికి వేసి వెనక్కి తిరగబోయాడు. కానీ ముందుగదిలో షారోను పాకుతూ వస్తున్న చప్పుడు వినపడింది, గాజులు నేలకు తగులుతూ. ఆ చప్పుడు ముందు ఇంకేదీ నిలవలేదు.

“అయితే ఆదివారం దాన్ని తీసుకెళ్ళి వదిలేసి వస్తా,” అన్నాడు.

ఆ ఊళ్ళలో పిల్లిని వదిలేయడమంటే గోనెసంచిలో వేసి వాగు అవతల విప్పి రావడం. ఆ పిల్లి అక్కడ వారం బతకదని ఇద్దరికీ తెలుసు.

ఆ సాయంత్రం నుంచి రెబ్కమ్మ వంటింట్లో తినడం మానేసింది. తన కంచమూ గ్లాసూ వెనకగదికి తీసుకెళ్ళింది. మనవరాలికి ముద్దలు పెట్టడం మానేసి, “మీ అమ్మ దగ్గరికి పో తల్లీ, నాకు అంటు ఉంది,” అంది. తిన్నాక కంచమూ గ్లాసూ కడిగి, బయటిగోడ గూట్లో బోర్లించింది. గూళ్ళు రెండుంటే వీధివైపు దాన్నే ఎంచుకుంది. అది కావాలనే చేసిందని ప్రసన్న అనుమానం. అనుమానం నిజమే కావచ్చు. అయినా గూట్లో బోర్లించి ఉన్న ఆ గ్లాసును దాటి స్కూటరు బయటికి తీయడం కష్టమైంది.

జక్రయ్యకు అంత కష్టం కాలేదు. శుక్రవారం ప్రార్థన అయ్యాక చర్చి దగ్గర నలుగురిలో అడిగాడు.

“ఏరా ప్రసన్నా, మీ అమ్మకి విడి కంచం పెట్టావంటగా? కాలేజీలో నేర్పారా?”

“పిల్లికి రోగం మామా. దానికి పెట్టమన్నాను, అమ్మకి కాదు.”

“మరి పిల్లి గిన్నె లోపలుందేంటి, మీ అమ్మ కంచం బయటుందేంటి?”

నలుగురూ నవ్వారు. వైరస్ గురించి అతనికి తెలిసినదంతా ఆ నవ్వులో ఎందుకూ పనికిరాలేదు.

శనివారం డ్యూటీ దిగాక అతను ఇంటికి తిన్నగా రాలేదు. పట్నంబజారులో స్టీలు సామాన్ల కొట్టు ముందు ఆగాడు. లోపల ఒకతను పెళ్ళి సామాన్ల మీద చిన్న మిషనుతో పేర్లు చెక్కుతున్నాడు. ప్రసన్న నాలుగు కంచాలూ రెండు గిన్నెలూ ఏరి అతని ముందు పెట్టాడు.

“పేర్లు చెప్పండి.”

“రెబ్కా. హెలెన్. ప్రసన్నకుమార్. షారోను. గిన్నెల మీద ఎర్రోడు, బూడిద.”

“బూడిదేంటండీ, ఇంటిపేరా?”

“ఇంట్లో మనిషే,” అన్నాడు ప్రసన్న. చెప్పాక సిగ్గేసింది, కానీ దిద్దుకోలేదు.

ఇంటికొచ్చి సంచి విప్పి అన్నీ చాప మీద పరిచాడు. రెబ్కమ్మ దూరం నుంచే చూసింది. తర్వాత వచ్చి కూర్చుని, ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుంది. బైబిలు చదివేటప్పటిలా అక్షరాల కింద వేలు పెట్టి చదివింది.

“నాకెందుకు పేరు?”

“అందరికీ ఉంది.”

“నీదేది?”

చూపించాడు. ఆమె దాన్ని ఎత్తి చూసి, బూడిద గిన్నెనూ ఎర్రోడి గిన్నెనూ రెండు చేతుల్లో పట్టుకుని బరువు చూసింది. గోటితో కొట్టి రెండింటి మోతా విన్నది.

“దీనిది పలచన కాదుగా?”

“ఒకటే రకం. కొట్టతన్ని అడుగు కావాలంటే, ఫోన్ నంబరిస్తా.”

“వాడు నీ మనిషే అయి ఉంటాడు.” గిన్నెలు కింద పెట్టింది. “షారోను తిని వదిలేసింది నువ్వు తింటావుగా రోజూ. అదీ మానాల. వేరంటే అందరికీ వేరే.”

“మానేస్తా.”

“చూస్తాగా.”

హెలెన్ నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి వెళ్ళిపోయింది.

“రేపు ఆదివారం,” అంది రెబ్కమ్మ.

“తెలుసు. ఇందులో తింటే ఎక్కడికీ పంపను. నేను చూడాలి, అంతే.”

“పంపాలన్నా కుదరదులే. కొట్టం చూర్లో నువ్వు దాచిన గోనెసంచి అడుగు కోసేశా.”

ఆమె లేచింది. తన కొత్త కంచంలో తనకూ, పేరున్న గిన్నెలో పిల్లికీ అన్నం పెట్టుకుని వెనకగదిలోకి వెళ్ళింది. ప్రసన్న షారోనును చంకనేసుకుని గడప ఇవతల నిలబడ్డాడు. బూడిద కొత్త గిన్నె వాసన చూసి, దాన్ని వదిలేసి, అలవాటుగా ఆమె కంచం దగ్గరికి వచ్చింది. రెబ్కమ్మ ముంజేతితో దాన్ని పక్కకు జరిపింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ జరిపింది. జరుపుతున్నప్పుడల్లా గడపవైపు ఒక చూపు చూసింది, కాటా ముల్లును చూసినట్టు.

“నీది అదీ,” అంది పిల్లితో. “అడుక్కునేదాన్లా నా దగ్గరికి రాకు. పేరు రాసుంది, తిను.”

బూడిద కాసేపు ఎటూ తేలకుండా కూర్చుని, గిన్నెలో మూతి పెట్టింది.

“చూశావుగా. ఇంక పో,” అంది రెబ్కమ్మ.

ప్రసన్న కదల్లేదు. పిల్లి గిన్నె అడుగు నాకేదాకా చూశాడు. అతను చూస్తున్నంతసేపూ ఆమె కూడా ముద్ద ఎత్తకుండా అతన్నే చూస్తూ కూర్చుంది.