తోడికోడలి కారుకు టైర్లు

మొన్న పొద్దున దుకాణం తెరిచి, దేవుడి పటానికి అగరుబత్తి వెలిగించి, ఇంకా కుర్చీలో కూర్చోనైనా లేదు, కంఠేశ్వర్ వైపు నుంచి ఒక కారు చప్పుడు వినిపించింది. మామూలు కార్ల చప్పుడు కాదు, జలుబు చేసిన పెద్దపులి గొంతు సవరించుకున్నట్టు ఉంటుంది అది. ఎవరిదో ఎర్ర కారు, నేలకు జానెడు ఎత్తున, సన్నటి తుంపరలో మా ముందు నుంచే సాగిపోయింది. ఆటోవాళ్లంతా తలలు తిప్పి కారును చూశారు. నేను టైర్లను చూశాను. ఇరవై ఆరేళ్లుగా టైర్ల దుకాణంలో కూర్చున్న మనిషికి అదొక జబ్బు. మనుషుల ముఖాలు గుర్తుండవు గానీ చక్రాలు గుర్తుంటాయి. కారు మలుపు తిరిగిందో లేదో కడుపులో సన్నగా మంట మొదలైంది. గ్యాస్ అనుకుని మా ఆయన మజ్జిగ తెచ్చిచ్చాడు. మజ్జిగ తాగితే పోయే మంట కాదది. నాకు నా తోడికోడలు గుర్తొచ్చింది.

తోడికోడలంటే మా ఆయన తమ్ముడి భార్య. నాకంటే ఆరేళ్లు చిన్నది. పుట్టిల్లు మోర్తాడ్, పసుపు పండించే ఇల్లు. కాపురం మా అత్తగారింట్లోనే, బోధన్‌లో. చక్కెర ఫ్యాక్టరీ నడిచినన్నాళ్లూ వాళ్లు చెరకు వేశారు, అది మూతపడ్డాక అందరిలాగే వరికి మళ్లారు. మా మరిది వరితో సరిపెట్టుకున్నాడు గానీ ఆమె సరిపెట్టుకోలేదు. పుట్టింటి నుంచి పసుపు కొమ్ములు తెప్పించి ఇంటి వెనక పసుపు పట్టే గిర్నీ పెట్టింది. నాలుగేళ్లు తిరిగేసరికి ఆ పసుపు పొట్లాలు నాందేడ్ దాకా పోవడం మొదలైంది. మరాఠీ వ్యాపారులు వస్తే మరాఠీలోనే బేరమాడి, మరాఠీలోనే నవ్వించి పంపేది. ఇందులో నేను ఓర్చుకోలేనిది ఏమీ లేదు. నిజం చెప్పాలంటే ఓర్చుకోవడం కష్టంగానే ఉండేది, కానీ ఓర్చుకున్నాను. నా అసలు పుండు అంతకంటే పాతది.

నా పెళ్లయిన కొత్తలో మా ఆయనకు ఒక పాత జీపు ఉండేది. నేర్పమని వెంటపడితే నేర్పడం మొదలుపెట్టాడు. మొదటి రోజు క్లచ్చి, రెండో రోజు గేర్లు. మూడో రోజు వాకిట్లో నుంచి జీపు నాలుగు గజాలు కదిలించానో లేదో అత్తమ్మ బయటికొచ్చింది. "ఇంటి పెద్దకోడలు స్టీరింగు పడితే నలుగురు ఏమంటరే? దిగు" అంది. దిగాను. మళ్లీ ఎక్కలేదు. ఎనిమిదేళ్లు పోయాక చిన్నకోడలు ఒకరోజు కూలీలు రాలేదని చెరకు ట్రాక్టరు తనే తోలుకుని ఫ్యాక్టరీ గేటు దాకా వెళ్లొచ్చింది. అదే అత్తమ్మ, అదే వాకిట్లో నిలబడి, "మా చిన్నది మొగోని లెక్క!" అని వాడకట్టు మొత్తానికి చెప్పుకుంది. నేను చాటలో బియ్యం చెరుగుతూ విన్నాను. ఆ పూట అన్నంలో రాళ్లు వచ్చాయని ఇంట్లో గొడవ కూడా అయింది. అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికి ఒకామె. నా తోడికోడలు నవ్వను కూడా నవ్వలేదు. ట్రాక్టరు మీది నుంచి చెయ్యి చాపి, "అక్కా, నువ్వు గూడ ఎక్కు" అంది. నవ్వి ఉంటే ఆమెను తిట్టుకోవడం ఎంతో సులువయ్యేది.

అలాంటి మనిషి నాలుగేళ్ల కిందట, యాభై దాటిన వయసులో, హైదరాబాదులో ఎవరో వాడి అమ్మిన స్పోర్ట్స్ కారు కొన్నది. రెండే తలుపులు, నీలం రంగు. నాలుగు నెలలు తానే తిప్పాక, వానలు మొదలయ్యే మిరుగు కార్తె ఇంకో పది రోజులుందనగా దాన్ని తీసుకొచ్చి మా దుకాణం ముందు ఆపింది. నేత చీర, కాళ్లకు బూట్లు. ఆ కారులోంచి మనిషి దిగడమంటూ ఉండదు, పైకి లేవడమే. ఆమె అలా లేచి నిలబడేసరికి బజారు బజారంతా వచ్చి మూగింది. ఎదుటి చాయ్ హోటలాయన స్టవ్వు మీద పాలు వదిలేసి వచ్చి ఫోటోలు తీసుకున్నాడు. పాలు పొంగిపోయాయి.

"అక్కా, ఎనక టైర్లు గుండైనయి. ముందటియి గూడ అయిపోవట్టినయి. హైద్రాబాద్‌లనే ఏసుకొమ్మన్నరు. మా అక్క ఉండంగ నేనెందుకు ఏసుకుంట?" అంది అందరూ వినేలా.

ఆ మాటకు పొంగిపోవాల్సింది. నాకు మాత్రం ఒళ్లు మండింది. అయినా పని పనే. పీట వేసుకుని కూర్చుని నాలుగు చక్రాలూ అరచేత్తో తడిమి చూశాను. అరిగిన టైరును తడిమితే దాని యజమాని ఎలా నడుపుతాడో తెలిసిపోతుంది. ఈమె మలుపుల్లో భయపడదని తెలిసింది. మంట ఇంకొంచెం పెరిగింది. ఆ కారుకు ముందు టైర్లు సన్నం, వెనకవి వెడల్పు. ఇంజను బలమంతా వెనక చక్రాలకే పోతుంది. ముందువి వెనక్కి, వెనకవి ముందుకు మార్చుకోవడానికి లేదు. కొలత ఒక్కటి సరిపోతే చాలదు, అంత వేగానికి తట్టుకునే రకం కావాలి. మా ఎడ్లబండ్లకూ చెరకు ట్రాలీలకూ టైర్లు ఎంచినంత సులువు కాదు. ఆ పూటంతా పుస్తకాలు తిరగేసి, హైదరాబాదుకు ఫోన్లు చేసి, చివరికి రెండు రకాలు తేల్చాను. ఇంత ఇష్టంగా ఏ పనీ చేసి ఎన్నాళ్లయిందో.

మొదటి రకం దాదాపు పందెం కార్లకు వేసేది. మెత్తటి రబ్బరు, గీతలు తక్కువ, నిగనిగలాడుతూ ఉంటుంది. ఎండిన రోడ్డును జలగలా పట్టుకుంటుంది. రోడ్డు మీద నీళ్లు నిలిచాయంటే మాత్రం ఆ నీళ్లు పోవడానికి దారి ఉండదు, టైరు నీటి మీద తేలుతుంది. రెండో రకం చూపుకు అంత బాగుండదు. లోతైన గాడులుంటాయి, నీటిని పక్కలకు చిమ్మేస్తుంది, మన గుంతలకూ తట్టుకుంటుంది. తోడికోడలు రెండు బొమ్మలూ చూసి మొదటిదాని మీద వేలు పెట్టింది.

"గిది మస్తుందక్కా. ఏమంటవు?"

బయట మబ్బు పట్టి ఉంది. నా నోట్లో ఒకే ఒక్క మాట ఉంది. అది చెప్పడానికి ఎంతసేపు? కానీ ఆమె వేలికి పసుపు అంటుకుని ఉంది, ఆ చేతిలో కారు తాళం ఉంది, జీపు దిగు అన్న అత్తమ్మ గొంతు నా చెవిలో ఉంది. "నీకు నచ్చింది గదా, గదే ఏసుకో" అన్నాను.

టైర్లు రావడానికి నాలుగు రోజులు పట్టింది. అన్నాళ్లూ కారు మా షెడ్డులోనే ఉంది. మధ్యాహ్నం అందరూ అన్నాలకు పోయాక నేను మెల్లగా వెళ్లి అందులో కూర్చునేదాన్ని. సీటు ఒడిలో కూర్చోబెట్టుకున్నట్టు ఉండేది. స్టీరింగు మీద చేతులు వేసి, ఎటూ పోకుండా, గోడ మీద వేలాడుతున్న సైకిలు ట్యూబులను చూస్తూ కూర్చునేదాన్ని. మూడో రోజు మా ఆయన చూశాడు. వెనక్కి వెళ్లి, పది నిమిషాల తర్వాత బయట గట్టిగా దగ్గి మళ్లీ వచ్చాడు. మంచివాడు. ఐదో రోజు టైర్లు బిగించాం, ఆమె వచ్చి తోలుకుపోయింది. నున్నటి ఆ టైర్లు ఎండలో మెరిశాయి. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు.

వారం తర్వాత ఒక పొద్దున అత్తమ్మ ఫోన్ చేసింది. "చిన్నది నన్ను కండ్ల డాక్టరు దగ్గరికి తీస్కొస్తుంది. కారులనే. బువ్వ మీ ఇంట్లనే తింటం" అంది సంబరంగా. సరేనని పప్పు నానబెట్టి దుకాణానికి వచ్చాను. పదింటికి వాన మొదలైంది. మొదటి వాన అని ముచ్చటపడే వాన కాదు, ఎదుటి చాయ్ హోటలు కనిపించనంత వాన. ఫోన్ చేస్తే తోడికోడలు ఎత్తలేదు. కారు నడుపుతూ ఎత్తదు. మళ్లీ చేశాను.

"ట్రాలీ ఆటో తియ్యి. బోధన్ రోడ్డుకు పోదాం" అన్నాను మా ఆయనతో.

"గింత వానల ఎందుకే?"

"తియ్యుమంటున్న గదా!"

ఎడపల్లి దాటాక, మలుపులో కనిపించింది కారు. వచ్చిన దిక్కుకే ముఖం తిప్పి, వెనక చక్రాలు పక్క మడిలో కూరుకుపోయి ఉంది. అత్తమ్మ కల్వర్టు గోడ మీద గొడుగు పట్టుకుని కూర్చుని ఉంది. ఆమె ఒంటి మీద ఒక్క గీత కూడా పడలేదు. మమ్మల్ని చూడగానే, "బర్రె అడ్డమొచ్చిందే! పాడుగాను, ఎక్కడి బర్రెనో!" అని మొదలుపెట్టింది. చుట్టుపక్కల బర్రె అన్నది లేదు. మా ఆయన ట్రాక్టరు కోసం పక్క ఊళ్లోకి వెళ్లాడు. తోడికోడలు బురదలో గొంతుక్కూర్చుని టైరును తడిమి చూస్తోంది, అచ్చం నేను చూసినట్టే.

"బ్రేకు గట్టిగ గూడ తొక్కలే అక్కా. జోరుగ గూడ పోలే. సబ్బు మీద కాలేసినట్టు ఎనకంత ఎల్లిపోయింది. నేనేం తప్పు జేసిన?"

"నువ్వేం జేయలే. గీ టైర్లు వానకు పనికిరావు. నేనే చెప్పలే."

"మర్శిపోయినవా?"

అవునంటే అయిపోయేది. ఆమె నా కోసమే ఆ దారి తెరిచిందేమో కూడా.

"లే. యాదికే ఉండె."

"మరి?"

"ఓర్వలేక."

వాన ఇద్దరి మీదా పడుతోంది. ఆమె నా ముఖం వైపు చూసింది, తర్వాత కల్వర్టు మీద బర్రెను తిడుతున్న అత్తమ్మ వైపు చూసింది. "కారుల అత్తమ్మ ఉండె అక్కా" అంది. అంతే.

మా ఆయన ట్రాక్టరుతో వచ్చి, "ఏమైంది?" అని అడిగాడు. నేను తల వంచుకున్నాను. ఇప్పుడు చెబుతుంది, చెప్పనీ అనుకున్నాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, "బర్రె అడ్డమొచ్చింది బావా" అంది.

ఆ వానాకాలమంతా కారు గిర్నీ పక్కన పసుపు బస్తాల మధ్య తాడిపత్రి పట్టా కప్పుకుని ఉంది. టైర్లు మార్చి ఇస్తానని కబురు పంపితే జవాబు రాలేదు. నలుగురిలో ఉంటే ఎప్పటిలా "అక్కా" అనేది. ఇద్దరమే మిగిలితే ఏదో పని గుర్తొచ్చి లేచిపోయేది. అత్తమ్మ మరుసటి ఎండాకాలంలో పోయింది, చివరిదాకా ఆ బర్రెను తిడుతూనే. లేని బర్రె మీద ఊళ్లో ఎంతమంది జాలిపడ్డారో చెప్పలేను. నా పేరు మాత్రం ఎవరి నోటా రాలేదు. అక్కడే నాకు కొత్త మంట మొదలైంది. ఆమెకు గిర్నీ ఉంది, కారు ఉంది, మరాఠీ ఉంది, ఇవన్నీ చాలవని ఇంత పెద్ద మనసు కూడా ఎందుకుండాలి? నేను ఒక మాట దాచి ఆమె ప్రాణం మీదికి తెచ్చాను. ఆమె ఒక మాట దాచి నా పరువు నిలబెట్టింది. ఈర్ష్యపడడానికి ఇంతకంటే పెద్ద కారణం నాకు ముందెన్నడూ దొరకలేదు.

అత్తమ్మ సంవత్సరీకం కూడా అయ్యాక, వానలకు ముందు ఒక మధ్యాహ్నం నీలం కారు మళ్లీ దుకాణం ముందు ఆగింది. తోడికోడలు తాళం తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"వానకు ఏది మంచిదో గది ఏయ్యి. నేనేం అడుగ" అంది.

ఆమె నిజంగానే ఏమీ అడగలేదు. కొలత, గాడుల లోతు, టైరు ఎప్పుడు తయారైందీ, గాలి ఎంత ఉండాలీ అన్నీ నేనే గుక్క తిప్పుకోకుండా చెప్పాను. ఎండకు ఎలా ఉంటుందో, ఎప్పుడు మార్చాలో, దీనికంటే మంచిది ఇంకెక్కడ దొరుకుతుందో కూడా చెప్పాను. ఆమె తల ఊపుతూ వింది. ఆవులించింది కూడా. టైర్లు బిగించిన రోజు ఆమె పక్కన కూర్చుని వానలో మోస్రా దాకా వెళ్లొచ్చాను. బండి ఎక్కడా తడబడలేదు. ఆమె ఒంటిచేత్తో మలుపు తిప్పుతుంటే, పక్క సీట్లో కూర్చుని, ఈ పని నాకెందుకు చేతకాదు అని దారి పొడవునా కుళ్లుకుంటూనే ఉన్నాను.

ఇప్పుడామె ఆ సంగతి ఎత్తదు. దాచుకున్నదని కాదు, నిజంగానే మరిచిపోయినట్టుంది. మన్నించినవాళ్లకు ఏళ్లు చకచకా గడిచిపోతాయి కాబోలు, మన్నింపు పొందినవాళ్లకే ఆ ఒక్క వాన పూట గడవడానికి ఇన్నేళ్లు పడుతుంది.