వంతెన మీద చుక్క

కంచరపాలెంలో నీలకంఠం స్టూడియోకి వచ్చినవాళ్లెవరూ మచ్చతో తిరిగి వెళ్లలేదు. నెగిటివ్ మీద సన్నటి పెన్సిలు ఆనించి స్ఫోటకపు గుంటలు పూడ్చేవాడు. విరిగిన పళ్లు అతికించేవాడు.

తనకోసం తీసుకున్నది మాత్రం ఒక్కటే ఫొటో. డెబ్బై నాలుగులో, వాన వెలిసిన పొద్దున, కొండవాలు మీంచి తీశాడు. రైలు పట్టాల మీది వంతెన, దాని వెనక డాబాలు, ఇంకా వెనక హార్బరు క్రేన్లు, ఊరంతా ఆకాశం ముందు బొగ్గుగీతలా నిలబడింది. పోటీలో బహుమతి వచ్చింది. ఆకాశం కడిగిన పళ్లెంలా ఉందని మెచ్చుకున్నారట. ఎనిమిదేళ్లుగా అది షాపు అద్దంలోనే ఉంది.

ఒకరోజు దాలయ్య వచ్చాడు. సముద్రం మీద చేపల వేటకెళ్లే మనిషి.

"బాబూ, మా ఇంటిది గంగాలమ్మ పోయి ఆరు రోజులైంది. పెద్ద దినానికి ఎట్టుకోడానికి ఫొటో నేదు. మీకాడుంది."

"నా దగ్గరా? ఆవిడ ఎప్పుడూ రాలేదే!"

"వంతెన మీద సేపలట్టుకెల్తంటే తీసినారంట కదేటి. ఆ రోజు ఇంటికొచ్చి ఒకటే గోల. 'నాను ఫొటోలో పడ్డాను, నువ్వెప్పుడైనా పడ్డావేటి?' అని. మొకం ఔపడక్కర్నేదు బాబూ. మనిసి ఔపడితే సాలు."

షాపు అద్దంలోని ఫొటోలో వంతెన ఖాళీగా ఉంది.

నీలకంఠానికి గుర్తొచ్చింది. నెగిటివ్‌లో ఆకాశం నల్లగా ఉంటుంది, నల్లటి మనిషి తెల్లగా ఉంటుంది. వంతెన కమ్మీల పైన ఆవగింజంత తెల్లచుక్క. దుమ్మనుకున్నాడు. ఫొటోలో నల్లమచ్చ పడకుండా కుంచెతో ఎర్రసిరా పెట్టి పూడ్చేశాడు. పని బాగా కుదిరిందని మురిశాడు కూడా.

"రేపు రా" అన్నాడు.

నెగిటివ్ నానబెట్టి దూదితో తుడిచాడు. సిరాతో పాటు కింద బొమ్మ ఉన్న పొర కూడా లేచొచ్చింది. చివరికి అద్దంలోని ఫొటో దించి, వంతెన మీద తనే కుంచెతో ఒక ఆడమనిషిని నిలబెట్టాడు. నెత్తిన గంప.

మర్నాడు దాలయ్య దాన్ని కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు. నవ్వబోయి ఆగాడు.

"నెత్తి మీద గంపేటి బాబూ? మెడ పట్టేసి ఆ యేడంతా సంకనే మోసింది. ఇది మా గంగాలమ్మ కాదు, ఎవులో."

ఫొటోని తువ్వాలుతో తుడిచి బల్లమీద పెట్టాడు.

"మీకు అలికిడి నేకుండా ఎల్లిపోయుంటాది. మీ తప్పేటుంది?"

పెద్ద దినంనాడు ఫొటో ఉండాల్సిన చోట గంప పెట్టారని తర్వాత ఎవరో చెప్పారు.

ఆపైన ఎవరైనా "మాస్టారూ, ఈ మచ్చ తీసెయ్యండి" అంటే, "అది మచ్చేనని నీకెవరు చెప్పారు?" అని నీలకంఠం విసుక్కునేవాడు. రెండేళ్లు తిరక్కుండానే జనం రంగుల ఫొటోలు తీసే కొత్త స్టూడియోకి మళ్లిపోయారు.