అక్క పేరున ముప్పై ఎనిమిదేళ్ళు

సార్డీన్ చేపల కంపెనీ గేటు లోపల ఆమె పేరు క్రిస్పీనా. గేటు బయటికొచ్చి జీప్నీ బండి ఎక్కి, సముద్రం పక్కనే ముప్పావు గంట కుదుపులు తిని సొంతూరు లబువాన్‌లో దిగితే అడెల్ఫా, ఇంట్లోవాళ్ళకి అడెల్. ముప్పై ఎనిమిదేళ్ళుగా రోజూ పొద్దున ఒక పేరు తొడుక్కుని సాయంత్రం విప్పేస్తోంది. రబ్బరు బూట్లు కూడా అలాగే తొడిగి విప్పుతుంది కనక ఆమెకు ఇందులో వింతేమీ తోచదు.

ఎవరినీ మోసం చెయ్యాలని మొదలుపెట్టిన పని కాదిది. ఎనభై ఆరులో తండ్రి నడుం పడిపోయి చేపల వేట మానేశాడు. ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఎవరో ఒకరు సంపాదించాలి. చేపల కంపెనీ వాళ్ళు మనుషులు కావాలంటున్నారు, కాని పద్దెనిమిది నిండాలంటున్నారు. అడెల్‌కి పదిహేడు. అక్క క్రిస్పీనాకి ఇరవై ఒకటి, కొత్తగా కాపురానికి వెళ్ళింది. దానికి బర్త్ సర్టిఫికెట్‌తో ఏం పని అనుకుని తల్లి బిస్కెట్ల డబ్బాలోంచి ఆ కాగితం తీసి చిన్నకూతురి చేతిలో పెట్టింది. అలా అడెల్ ఒక్క పూటలో నాలుగేళ్ళు పెద్దదైపోయింది. తరవాత సంగతి చెబితే క్రిస్పీనా "సరేలే" అని ఊరుకుంది. మా తీరంలో ఇలాంటివి కొత్త కాదు. అడెల్ నిలబడే లైనులోనే ఒకామె పిన్ని కూతురి పేరున, ఇంకొకామె ఎప్పుడో చచ్చిపోయిన మేనత్త పేరున చేపల తలలు కోసేవారు. ఆ మేనత్త బతికున్నన్నాళ్ళూ ఒక్కనాడు ఒళ్ళు వంచింది కాదుట; పోయాక మాత్రం పద్దెనిమిదేళ్ళు ఒక్క రోజు నాగా లేకుండా పనిచేసింది.

తల కోయడం, పేగు లాగడం, తోక కత్తిరించడం, డబ్బాలో పేర్చడం. ఇంతే పని. చేతులు ఆడుతూనే ఉండాలి, కాళ్ళు మాత్రం ఉన్నచోటు కదలకూడదు. ఆ గదిలో కుర్చీ అనేదే లేదు. నేలంతా ఉప్పునీళ్ళు, సాయంత్రానికి పాదాలు నానిపోయి తెల్లగా పాలిపోయేవి. ఏటా చేపలు పడని మూడు నాలుగు నెలలు కంపెనీ మూసేవారు; అప్పుడు జీతమూ లేదు, జీతంలో కోతా లేదు. జీతం రోజున అందరూ చీటీ చూసుకుని పెన్షన్ కింద కోసిన చందా దగ్గర ఆగి సణుక్కునేవారు. ఆ కోతా, దాని మీద కంపెనీ కలిపే వాటా నెలనెలా ఎస్సెస్సెస్ అనే సర్కారు పెన్షన్ ఆఫీసుకి పోతాయి. అరవై నిండాక పెన్షనై తిరిగొస్తాయి. కట్టి తీరాలని చట్టం.

"ఇదే లేకపోతే ఇంటికి ఇంకో రెండు కిలోల బియ్యం వచ్చేవి," అనేది పక్కన నిలబడే బెబాంగ్.

"ఉండనీవే. మా ఆయన చేతికి అందని డబ్బు ఈ భూమ్మీద అదొక్కటే," అనేది అడెల్.

లైనంతా పకపకా నవ్వేది. అడెల్ మాత్రం నవ్వేది కాదు. ఆమె భర్త రుస్తికో చెడ్డవాడేమీ కాదు, ట్రైసికిల్ తోలుతాడు. కోడిపందెం కనిపిస్తే మాత్రం జేబులో పైసా నిలవదు. ఆమెకి జీవితంలో ఇంక మిగిలిన కోరిక ఒక్కటే, కూర్చోవడం. పోయినేడాది పేము కుర్చీ ఒకటి కొని వరండాలో వేసింది. దాని మీది ప్లాస్టిక్ కవరు కూడా తియ్యలేదు, మనవలెవరైనా ఎక్కితే వీపు విమానం మోత మోగించేది. "జనవరిలో కూర్చుంటాను," అనేది. కాగితం ప్రకారం జనవరిలో అరవై నిండుతాయి. అసలు వయసు యాభై ఆరే అవుతుందని ఆమె మరిచిపోయి చాలా కాలమైంది. ఫోటో, వేలిముద్రలు ఉండే కొత్త కార్డు తీసుకోమంటే మాత్రం ఎప్పుడూ వాయిదా వేసేది. "చేపలూ ఉప్పూ తినేశాయి, నా వేళ్ళకి ముద్రలెక్కడున్నాయి?" అని తప్పించుకునేది.

ఈ గుట్టు రట్టు చేసింది పోలీసులూ కాదు, పక్కింటివాళ్ళూ కాదు, ఒక మంచి మనిషి. క్రిస్పీనా నాలుగేళ్ళుగా సలుద్ టీచరమ్మ ఇంట్లో వంటా, బట్టలుతుకుడూ చేస్తోంది. ఇంటి పనిమనిషికి కూడా యజమానే పేరు ఎక్కించి చందా కట్టాలని చట్టం ఉందన్న సంగతి రిటైరైన ఆ టీచరమ్మకి అక్టోబరులో ఎవరో చెప్పారు. నలభై ఏళ్ళు పిల్లలకి పౌరధర్మం బోధించిన మనిషి. సిగ్గుతో ఆవిడకి ఆ పూట అన్నం దిగలేదు. మర్నాడే, "అరవై నిండకముందే పేరెక్కించాలట, పద," అని క్రిస్పీనాని రెక్క పట్టుకుని ఎస్సెస్సెస్ ఆఫీసుకి తీసుకెళ్ళింది.

కౌంటరు దగ్గర అమ్మాయి పేరూ, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లూ కొట్టి చూసి నవ్వింది. "మీకు ఎప్పుడో ఉంది కదమ్మా నంబరు. మూడు వందల పన్నెండు నెలల చందా ఉంది. జనవరిలో పెన్షన్‌కి పెట్టుకోండి," అంది. టీచరమ్మ ఆనందంతో క్రిస్పీనాని అక్కడే కావలించుకుంది. మతిమరుపుదానా, ఎక్కడెక్కడ పనిచేశావో కూడా గుర్తులేదా అని దారి పొడుగునా మురిసిపోయింది. క్రిస్పీనా తేలు కుట్టిన దొంగలా ఇంటికి చేరింది.

ఆదివారం చర్చిలో పూజ అయ్యాక చెల్లెలి ఇంటికి వచ్చింది. వస్తూనే తిన్నగా వెళ్ళి పేము కుర్చీలో కూర్చుంది. ప్లాస్టిక్ కవరు కరకరలాడింది. రుస్తికో చేతిలో కాఫీ కప్పు గాల్లోనే ఆగిపోయింది.

"అక్కా, అది..." అంది అడెల్.

"ఏం? నా పెన్షన్ కోసం కొన్నదేగా?"

ఆఫీసులో జరిగింది అంతా చెప్పింది. రుస్తికో ముందు తేరుకున్నాడు.

"ఇందులో గొడవేముంది వదినా? జనవరిలో నువ్వే పెట్టుకో. నెలనెలా తీసి దీని చేతిలో పెట్టు. ట్రైసికిల్ మీద నేను తిప్పుతాగా, పైసా అడగను."

"నువ్వు ఊరుకో మరిదీ. రేపు నేను గుటుక్కుమంటే? పెన్షన్ నాతోనే పోతుంది. అప్పుడు మీ ఆవిడ నా సమాధి దగ్గరికొచ్చి చీటీ అడుగుతుందా?" క్రిస్పీనా చెల్లెలి వైపు తిరిగింది. "అదొక్కటే కాదే. ఇంకా ఎన్నాళ్ళు నా పేరు? నేను చచ్చేదాకానా?"

"నీకు ఎప్పుడూ అవసరం రాలేదు కదక్కా."

"రాలేదా? తొంభై ఒకటిలో నేను ఆ గేటు దగ్గరికొచ్చాను, తెలుసా నీకు?"

అడెల్‌కి తెలియదు.

"మా ఆయన సముద్రం దాటి సండకాన్ పోయి అక్కడ ఇంకో కొంప పెట్టుకున్నాడు చూడు, ఆ ఏడు. ఇద్దరు పిల్లలతో ఏం తిననూ? కొత్త కాగితం తీయించుకుని, అంతమందిలో ఎవరు చూస్తార్లే అని పనికోసం వచ్చాను. ఆఫీసులో పుస్తకం తిరగేసి, క్రిస్పీనా మా దగ్గర ఉందమ్మా, ఐదేళ్ళ నుంచీ ఉంది, నువ్వెవరు అన్నారు. ఏం చెప్పను? పొరపాటు పడ్డానండీ అని వచ్చేశా. ఆ మర్నాటి నుంచే ఇంటింటికీ పోయి బట్టలుతకడం."

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెబితే ఉద్యోగం మానేసేదానివా? అమ్మానాన్నా నువ్వు తెచ్చింది తినేవాళ్ళు. కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది."

అడెల్‌కి సిగ్గేసింది. భయం కంటే ముందు సిగ్గేసింది. అక్క చేతులు చూసింది. సబ్బునీళ్ళకి అరిగిపోయి, తన చేతుల్లాగే నున్నగా ఉన్నాయి.

"ఇప్పుడేం చెయ్యమంటావు?"

"పోయి ఉన్నదున్నట్టు చెప్పు."

"చెబితే నా వయసు యాభై ఆరైపోతుందక్కా. ఇంకో నాలుగేళ్ళు నిలబడాలి. ఆ ఉద్యోగమైనా ఉంటుందో ఊడుతుందో."

"నీ ఇష్టం. నేను మాత్రం నీ డబ్బు కోసం సంతకం పెట్టను. టీచరమ్మతో నిజం చెప్పలేక నాలుగు రోజుల్నుంచీ ఆవిడ ఎదురుపడకుండా తిరుగుతున్నా." క్రిస్పీనా లేచి, కుర్చీ కవరు చేత్తో సర్ది వెళ్ళిపోయింది.

ఆ వారమంతా అడెల్ చేపలు కోస్తూ లోపల్లోపల లెక్కలు వేసుకుంది. నాలుగేళ్ళంటే ఎన్ని డబ్బాలు, ఎన్ని తలలు! మొగుడి మాట వింటే జనవరిలోనే కూర్చోవచ్చు. అక్క మనసు మెత్తనిది, కాళ్ళావేళ్ళా పడితే ఒప్పుకుంటుందేమో కూడా. ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా గేటు ముందు పిల్లల్ని వెంటబెట్టుకుని నిలబడ్డ క్రిస్పీనా కళ్ళముందు కనపడేది, కత్తి ఆగిపోయేది.

ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. తొంభై ఆరు జూన్‌లో మూడో కాన్పు. మొదటి రెండూ కంపెనీ మూసిన నెలల్లో వచ్చి గట్టెక్కాయి. పుట్టేబిడ్డ కాగితంలో తల్లి అడెల్ఫా, కంపెనీలో మనిషి క్రిస్పీనా. ప్రసూతి సెలవు అడిగితే అన్నీ బయటపడతాయి. అప్పుడు ఆ రెండు నెలలూ అక్కే వచ్చి లైనులో నిలబడింది. మూతికి గుడ్డ, తలకి టోపీ, పక్కనున్న బెబాంగ్‌కి తప్ప ఎవరికీ తెలియలేదు. అడెల్ తిరిగి పనిలోకి వచ్చిన రోజున సూపర్‌వైజరు, "ఏం క్రిస్పీనా, ఈ రెండు నెలలూ ఒక్క కేకకే పలికావు. ఇవాళ మూడు కేకలేస్తే గాని తిరగవు, మళ్ళీ చెవుడొచ్చిందా?" అన్నాడు. అప్పుడు నవ్వుకుంది. ఇప్పుడు మాత్రం నవ్వు రాలేదు.

శుక్రవారం కంపెనీ ఆఫీసుకి వెళ్ళి ఉన్నదంతా చెప్పేసింది. అక్కడి పెద్దావిడ కళ్ళజోడు తీసి చాలాసేపు చీవాట్లు పెట్టింది. చివరికి, "ఈ ఏడు నీతో ముగ్గురయ్యారు. చేతులు నీవే కదా, పేరు మారితే చేపకేం తెలుస్తుంది," అని కాగితం ముందుకు లాక్కుని ఉత్తరం రాసిచ్చింది. పని ఊడలేదు. జీప్నీ కోసం నడిచే దారిలో అడెల్ పిలార్ మాత గుడి దగ్గర ఆగి అక్క పేరున ఒకటి, తన పేరున ఒకటి రెండు కొవ్వొత్తులు వెలిగించింది, రెంటికీ తన డబ్బే.

సోమవారం అక్కచెల్లెళ్ళిద్దరూ ఎస్సెస్సెస్ ఆఫీసులో పక్కపక్కన కూర్చున్నారు. క్రిస్పీనా పండగ గౌను వేసుకొచ్చింది. టీచరమ్మకి అంతా చెప్పేసిందట. ఆవిడ అరగంట కోప్పడి, తరవాత ఆ గౌను ఇస్త్రీ చేసి ఇచ్చిందట. కౌంటరు అమ్మాయి ఇద్దరి అఫిడవిట్లూ, కంపెనీ ఉత్తరం చదివి, పెద్దామె వైపు చూసింది.

"మీ పేరున ఉన్న మూడు వందల పన్నెండు నెలలూ మీ చెల్లెలివేనా అమ్మా? ఇందులో మీవి ఏమీ లేవుగా?"

"అన్నీ దానివే తల్లీ. ఒక్క పూట కూడా నాది కాదు," అంది క్రిస్పీనా తడుముకోకుండా.

అమ్మాయి కలం తీసింది.

"కాదు," అంది అడెల్. "మూడు వందల పదే నావి. తొంభై ఆరు జూన్, జూలై మా అక్కవి."

క్రిస్పీనా బల్ల కింద చెల్లెలి తొడ గిల్లింది. "నోర్ముయ్యవే! అయిపోతున్న పని."

"ఉత్తరంలో అలా లేదే," అంది అమ్మాయి.

"ఉండదమ్మా, కంపెనీకి తెలీదు. నాకు కాన్పైతే నా బదులు ఈవిడ నిలబడింది. చూసిన మనిషి ఉంది, తీసుకొస్తాను."

"అయితే ఇంకో ఉత్తరం కావాలి, సాక్షి కావాలి. పని ఇంకో మూడు నెలలు వెనక్కి పోతుంది. కంపెనీవాళ్ళు మళ్ళీ తిడతారేమో కూడా."

"తిట్టనీ. ఎలాగూ నాలుగేళ్ళు నిలబడాలిగా, నిలబడే వింటాను."

అమ్మాయి లోపలికి వెళ్ళి పెద్ద అధికారిని అడిగి వచ్చింది. ఈసారి క్రిస్పీనాతో మాట్లాడింది. "సాక్ష్యం సరిపోతే ఆ రెండు నెలలూ మీ పేరునే ఉంటాయమ్మా. అంటే మీరు ఈ రోజు కొత్తగా చేరినట్టు కాదు, పాత సభ్యురాలే. వయసు అరవై దాటినా, పెన్షన్‌కి చాలినన్ని నెలలు నిండేదాకా కట్టుకుంటూ పోవచ్చు."

"అవి ఎక్కడున్నాయి? చూపించు తల్లీ," అంది క్రిస్పీనా.

అమ్మాయి తెర ఇటు తిప్పింది. క్రిస్పీనా లేచి వంగి, వేలు పెట్టి ఆ రెండు వరసలూ మెల్లగా చదువుకుంది. మళ్ళీ ఒకసారి చదివింది. కూర్చున్నాక గౌను అంచుతో కళ్ళు ఒత్తుకుని, "గిల్లినచోట నొప్పిగా ఉందా?" అని అడిగింది.

"ఉంది," అంది అడెల్.

"ఉండాలి."

వేలిముద్రల కోసం పిలిచేదాకా గోడవార బెంచీ మీద ఆగమన్నారు. ఇద్దరూ ఇంటి నుంచి తెచ్చుకున్న అరటాకు పొట్లం విప్పి ఉడికించిన చిలగడదుంప తిన్నారు. కాసేపటికి లోపలి గది తలుపు తెరుచుకుంది.

"క్రిస్పీనా!"

అడెల్ చటుక్కున లేచి నిలబడింది. క్రిస్పీనా ఆమె భుజం మీద చెయ్యి వేసి కిందికి నొక్కింది.

"కూర్చోవే. పిలిచింది నన్ను."

అడెల్ కూర్చుంది.