గొర్రెలు తుడిచిన అడుగులు

మా జిల్లాలో టీవీ అనే డబ్బాను ఎవరూ కంటితో చూడకముందే ఒక దేశం దేశమంతా నన్ను టీవీలో చూసింది. తెల్లదొరలు, దొరసానులు, వాళ్ళ పిల్లలు తింటున్న కంచాలు పక్కకు జరిపి, మేళ్లచెరువు దిక్కున ఒక నాపరాళ్ల గోడ ముందు నిలబడి నేను చెప్పిన యుద్ధం కథ విన్నారు. ఈ ముక్క నేను పెళ్ళిళ్ళలో చెప్పాను, చావులకు పోయినప్పుడూ చెప్పాను. బస్సులో పక్క సీటుకు మనిషి దొరికితే కోదాడ రాకముందే చెప్పేసేవాణ్ణి.

ఇప్పుడు రాద్దామని కూర్చుంటే కాలు నిలవడం లేదు. ఇందాకటి నుంచి మూడుసార్లు లేచాను. నీళ్ళు తాగాను. బర్రె ముందర గడ్డి సర్దాను, సర్దిందే మళ్ళీ సర్దాను. నోటితో చెప్పినంత సులువుగా కాగితం మీద కోతలు సాగవు. రాసింది అక్కడే ఉండి మన ముఖం చూస్తుంటుంది.

అరవైల నడుమ, ఒక ఎండాకాలం పొద్దున మా ఊరికి జీపు వచ్చింది. ఇద్దరు తెల్లవాళ్ళు, వాళ్ళకు మాట తిప్పి చెప్పడానికి హైదరాబాదు నుంచి ఒక లెక్చరరు. వాళ్ళ దేశపు టీవీ కోసం సినిమా తీస్తున్నారట. కట్టుకథ కాదు, జరిగింది జరిగినట్టు, వారానికొక భాగం చొప్పున. ఇక్కడ మనవాళ్ళ మీద మనవాళ్ళే తుపాకులు పట్టిన రోజుల గురించి.

లెక్చరరు చావడి అరుగు ఎక్కి, "ఇది అంతర్యుద్ధం మీద తీస్తున్న డాక్యుమెంటరీ" అన్నాడు.

"గదేంది సారూ?" అని ఒక ముసలమ్మ అడిగింది.

"అంటే, దేశం లోపల దేశస్థుల మధ్యనే..."

"ఇంట్ల లొల్లి, అవ్వా" అన్నాను నేను.

"ఇంట్ల లొల్లి సూడనీకి గింత దూరం వచ్చిండ్రా? ఆళ్ళ ఇండ్లల్ల లేదా?"

చావడి చావడంతా నవ్వింది. లెక్చరరు నవ్వలేదు, నా వైపు చూశాడు. వాళ్ళకు నోరున్న మనిషి కావాలి. దొరికాడు.

ఆ లొల్లి ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను. దొరల మీద, రజాకార్ల మీద మొదలైన కొట్లాట నిజాం రాజ్యం పోయినా ఆగలేదు. యూనియన్ మిలిటరీ వచ్చి ఊళ్ళలో క్యాంపులు పెట్టింది. తుపాకి పట్టినవాళ్ళు దళాలుగా గుట్టల్లో ఉన్నారు. మా ఊళ్ళో సగం ఇళ్ళు గుట్టల్లోకి రొట్టెలు పంపేవి, సగం ఇళ్ళు క్యాంపుకు పాలు పోసేవి. రెండు పనులూ చేసిన ఇళ్ళూ ఉన్నాయి.

"మీరు దళంలో పనిచేశారా?" అని లెక్చరరు అడిగాడు.

"చేసిన సార్. తుపాకి లేకుంటే నిద్ర పట్టకపోతుండె."

దళానికి నేను చేసిన సేవ రెండుసార్లు జొన్నరొట్టెల మూట మోయడం. అందులో ఒకసారి దారిలో రెండు రొట్టెలు నేనే తిన్నాను. నిజంగా తుపాకి పట్టినాయన ఊళ్ళో ఒకాయన ఉన్నాడు. జీపు చప్పుడు వినగానే చెలకకు పోయాడు, అది వెళ్ళిపోయేదాకా ఇంటికి రాలేదు.

ఆ మధ్యాహ్నం నేను మోట కొడుతుంటే వదినె వచ్చింది. ఊరి చివర గొర్రెల దొడ్డి ఉన్న గొల్లాయనను నేను అన్నా అని పిలిచేవాణ్ణి, ఆమె ఆయన భార్య. మాది పరాచికాలాడే వరస. ఆ రోజు ఆమె చంకలో అన్న గొంగడి ఉంది, ముఖంలో పరాచికం లేదు.

"డబ్బ ముందల మాట్లాడేది నువ్వేనట గద, మరిదీ."

"నేను గాక ఇంకెవలున్నరు వదినె? ముఖం జూడు, సినిమా ముఖం."

"నీ ముఖం నాకెందుకు? నీ నోరు కావాలె. మీ అన్న ముఖబిరు కాదని ఒక్క మాట చెప్పు."

ముఖబిరు అంటే మిలిటరీకి చాటుగా కబురు మోసేవాడు. పదమూడు, పద్నాలుగేళ్ళుగా ఆ మాట అన్న మీద ఉంది. ఎవరూ ముఖం మీద అనరు. తమ చేనులో మంద పెట్టమని ఆయనను పిలవరు, అంతే. వానలకు ముందు గొర్రెల మందను చేనులో పడుకోబెడితే పెంటికలు పడి నేలకు బలం వస్తుంది. అందుకని మా దిక్కున రైతులు మంద కోసం పోటీ పడతారు. ఏ చేనూ పిలవని గొల్లాయన ఊళ్ళో ఉన్నా లేనట్టే. అన్న మంద అన్నేళ్ళూ ఊరి చేల పక్క నుంచే నడిచిపోయి రాళ్ళ గుట్ట మీద పడుకుంది. అంత ఎరువూ రాళ్ళకే పోయింది.

"దీని మీద చెయ్యెయ్యి" అని వదినె గొంగడి చాపింది. వేశాను. ఎండకు కాగిన ఊలు అరచేతిలో గుచ్చుకుంది.

"నువ్వు చెప్తెనే చెల్లుతది" అంది. "ఎందుకో నీకు ఎరుకనే."

ఎరుకే. ఇదుగో, ఇక్కడికి వచ్చేసరికి మళ్ళీ లేచి బర్రె దగ్గరకు పోయి వచ్చాను. మీకూ చెప్పాలి కదా.

యాభైల మొదట్లో, ఆ కొట్లాట చివరి రోజుల్లో, మా ఊరి పడమటి గుట్ట కింద పొదల్లో దళం వాళ్ళు నలుగురు దాక్కున్నారు. వాళ్ళలో ఒకాయనకు కాలికి దెబ్బ. చీకటి పడ్డాక నీళ్ళ కోసం బావికి వచ్చిపోవాలి. నడుమ ఉన్నది నల్లరేగడి. అడుగు పడితే అచ్చు గుద్దినట్టు ఉంటుంది. అన్న ఒక ఉపాయం చేశాడు. తన మందను ఆ పొదలకూ బావికీ నడుమ చేనులో పెట్టాడు. తెల్లారీ తెల్లారకముందే గొర్రెలను ఆ దారంట తోలేవాడు. మిలిటరీ వచ్చి చూస్తే గిట్టల గుర్తులే గాని మనిషి జాడ ఉండేది కాదు. మా ఊళ్ళో ఆ యుద్ధమంతటిలో అంత తెలివైన పని ఇంకెవరూ చేయలేదు.

మా బాపుకు తొందర. మొగులు పడుతున్నది, వాన రాకముందే మా చేనుకు మంద కావాలి. "పోయి తోలుకరా" అని నన్ను పంపాడు. అప్పుడు నాకు ఇరవై దాటాయి. పోయి అన్నను అడిగాను.

"దళపోళ్ళు కదిలేదాంక నేను కదలను తమ్మీ" అన్నాడు.

ఆ తరువాతది చాలా ఏళ్ళు నాకు నేను ఇలా చెప్పుకున్నాను: నేను పిలిచాను, ఆయన వచ్చాడు, అంతే. అంతే కాదు. నేను అన్న మాట ఇది:

"ఆళ్ళు పోయిండ్రన్నా. రాత్రి కిష్ణ దాటిండ్రు. నా కండ్లతోని జూసిన. ముందల కాలు కుంటెటాయన, ఎనుక ముగ్గురు, పుట్టిల ఎక్కిండ్రు. పుట్టి నడిపెటోడు నాకు చెయ్యి గూడ ఊపిండు."

ఏ పుట్టీ లేదు. ఆ రాత్రి నేను మా ఇంట్లో గుర్రుపెట్టి పడుకున్నాను. ఈపాటికి వెళ్ళిపోయి ఉంటారులే అని అనుకున్నాను, ఆ అనుకున్నదానికి పుట్టి అతికించాను, ఊపే చెయ్యి అతికించాను. మాట ఉత్త మాటగా ఉంటే నాకు సహించదు.

అన్న నమ్మాడు. పొద్దు వంగకముందే మందను మా చేనుకు తోలాడు. మర్నాడు పొద్దున నల్లరేగడి మీద మనుషుల అడుగులు వరసగా కనిపించాయి, అందులో ఒకటి ఈడ్చిన అడుగు. మిలిటరీ వాటి వెంట నడుచుకుంటూ పోయింది. ఇద్దరు తప్పించుకున్నారు. ఇద్దరిని లారీ ఎక్కించారు. కాలు కుంటినాయన మళ్ళీ తిరిగి రాలేదు.

"నిన్ననే మంద ఎందుకు తీసినవు?" అని ఊరు అన్నను అడిగింది.

"ఆళ్ళు పోయిండ్రని ఒగలు చెప్పిండ్రు."

"ఎవలు?"

అన్న నా వైపు చూశాడు. నేను నా కాలి బొటనవేలు చూసుకుంటూ నిలబడ్డాను.

"యాదికి లేదు" అన్నాడు.

తప్పించుకున్న ఇద్దరు తరువాత వచ్చి ఆయనను కొట్టారు. అన్నాళ్ళు అడుగులు చెరిపి కాపాడినవాడని ప్రాణంతో విడిచిపెట్టారు. నన్ను విడిచిపెట్టడానికి అలాంటి కారణం ఏదీ లేదు. రొట్టెల మూటలు రెండే, అందులో రొట్టెలు కూడా తక్కువ. అన్నకు అది తెలుసు. అందుకే యాదికి లేదన్నాడు.

మరి మళ్ళీ జీపు దగ్గరికి వద్దాం. మర్నాడు పొద్దున నన్ను నాపరాళ్ల గోడ ముందు నిలబెట్టారు. ఒక తెల్లాయన కెమెరా వెనక, ఇంకొకాయన చెవులకు డిప్పలు పెట్టుకుని. ఊరంతా అక్కడే. వదినె ముందు వరసలో గొంగడి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అన్న రాలేదు. దూరంగా గుట్ట దిక్కు మందతో పోతున్నాడు.

"ఒక రీలు పది నిమిషాలే వస్తుంది. ముఖ్యమైనది ముందు చెప్పండి" అన్నాడు లెక్చరరు.

చెప్పాలనే మొదలుపెట్టాను, ఒట్టు. "ముందుగాల గొర్ల సంగతి చెప్త సార్" అన్నాను. లెక్చరరు తిప్పి చెప్పాడు. కెమెరా తెల్లాయన ఈగను తోలుకున్నాడు. ఆ ఒక్క ఈగ నన్ను పాడుచేసింది. ఇట్లా కాదని గొర్రెల నడుమ ఒక తుపాకి పెట్టాను. ఆయన తల ఎత్తాడు. తుపాకి నా చేతిలో పెట్టాను. ఆయన ముందుకు వంగాడు. ఇంకేముంది, గొంగడి కప్పుకుని గొర్రెలతోపాటు పాకినవాణ్ణి నేనే, గిట్టలతో అడుగులు చెరిపే ఉపాయం పన్నినవాణ్ణి నేనే.

"తుపాకి ఎన్నడు పట్టినవురా? నాగలి పడితేనే చేతులు బొబ్బలెక్కె నీకు!" అని గోడ అవతలి నుంచి ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. "ఆయన ఏమంటున్నాడు?" అన్నట్టు తెల్లాయన చూశాడు. "నేను శూరుణ్ణని చెప్తుండు సార్" అన్నాను. ఇంకా నవ్వారు. వదినె నవ్వలేదు.

టకటకమని రీలు అయిపోయింది.

"ఏం జేస్తం వదినె, గా మాటకు వచ్చేసరికి రీలు ఒడిసె" అని ఆమెకూ చెప్పాను, ఊరికీ చెప్పాను. రీలు అయిపోయిన మాట నిజమే. కానీ రెండో రీలు తెల్లాయన చేతిలోనే ఉంది. "ఇంకేమైనా చెప్పేది మిగిలిందా?" అని లెక్చరరు నన్ను అడిగాడు. నేను వదినెను చూశాను. గొంగడి అంచు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉంది. "లేదు సార్. ఒడిసింది" అన్నాను. ఆ రెండో రీలు వాళ్ళు గుట్ట ఎక్కుతున్న గొర్రెల మీద ఖర్చుపెట్టారు.

రెండేళ్ళకో మూడేళ్ళకో నల్లగొండ బస్టాండులో ఆ లెక్చరరు కనిపించాడు. నన్ను గుర్తుపట్టాడు. సినిమా వాళ్ళ దేశంలో వారం వారం వచ్చిందట. "మీరు మాట్లాడింది తీసేశారండీ. నమ్మేట్టు లేదన్నారు. మీ ఊరివి గొర్రెలు మాత్రం ఉన్నాయి, వెనకాల కర్ర పట్టుకున్న మనిషి ఒకాయన" అన్నాడు. అంటే ఆ దేశం చూసింది అన్నను. నేను పైన రాసిన మొదటి వాక్యాన్ని మీరు ఎట్లా చదువుకుంటారో చదువుకోండి.

ఇంతటితో ఊరుకున్నానని అనుకోవద్దు. జీపు పోయిన నాటి నుంచి నాకు కూర్చుంటే కుదురు లేదు, పడుకుంటే కుదురు లేదు. మోట నడుమ వదిలి గట్టు మీద తిరిగేవాణ్ణి. బాపు తిట్టేవాడు. నాలుగో రోజు ఇక ఓపలేక ఊరి నడుమ, చావడి ముందు నిలబడి అందరూ వింటుండగా చెప్పేశాను. "ముఖబిరు ఆయన కాదు. పుట్టి లేదు, ఏమీ లేదు. నా నోరే అంత పనీ చేసింది" అన్నాను. ఊరంతా చప్పుడు చేయకుండా విన్నది. ఒకరిద్దరు కండ్లు తుడుచుకున్నారు.

ఇంతవరకు రాసి నిన్న పొద్దున ఈ కాగితాలు తీసుకుని వదినె దగ్గరకు పోయాను. అన్న పోయి చాలా ఏళ్ళయింది. ఆమెకు కండ్లు కనిపించవు గాని చెవులు నాకంటే నయం. నులక మంచం మీద కూర్చోబెట్టుకుని అంతా చదివించుకుంది. పుట్టి దగ్గర నవ్వింది. రీలు దగ్గర ముఖం అటు తిప్పుకుంది. చివరి ముక్క అయ్యాక చెయ్యి చాపి తడుముకుంటూ కాగితాలు పట్టుకుంది.

"ఊరి నడుమ ఎన్నడు చెప్పినవు?"

"చెప్పిన గద వదినె, చావడికాడ..."

"మా దొడ్డికాడ చెప్పినవు. నేనున్న, మీ అన్న ఉండె, రెండు కుక్కలుండె. రేపు చావడికాడ అందరి ముందల చెప్తనని పోయినవు. మీ అన్న మందను ఇడిసిపెట్టి పొద్దుగూకేదాంక గాడ నిలబడ్డడు. నువ్వు రాలే. ముఖబిరనుకుంటనే ఆయనకు మన్నేసిండ్రు. గది రాయి."